గుర్రానికి బండి ‘ఱ’ కట్టిన యుద్ధం

సకల జనుల అరచేతుల్లో ఫోనులు వెలుగుతూ, సకల గ్రంథాల అట్టల మీద దుమ్ము పేరుకుంటూ ఉన్న కాలమున, మూడు వీధులు కలిసే మూలన, మేకుల డబ్బాలే బురుజులుగా, గొలుసుల చుట్టలే ప్రాకారములుగా, వేలాడే తాళములే తోరణములుగా విరాజిల్లు ఇనుప సామాన్ల కొట్టునందు, మధ్యాహ్నం మూడున్నరకు, అరంగుళం మొదలు ఆరంగుళాల దాకా ఏ మేకునైనా కళ్ళు మూసుకుని తాకి చెప్పగల సర్వకీలకోవిదుడు, బేరసమరధురంధరుడు, ఊరందరిచేత మేకులాయన అని పిలిపించుకునే మహావీరుని చేతిలో ఉన్న సరుకు ఇది.

నవల ఒకటి. పేరు ‘రాతికోట రౌతు’. పేజీలు మూడు వందల పన్నెండు, రాయడానికి పట్టిన కాలం పదకొండేళ్ళు. ముందుగా ప్రతి కొనుక్కుని మద్దతు పలికిన పాఠకులు నూట తొంభై తొమ్మిది మంది. గడువు రెండున్నర గంటలు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఇల్లాలి దగ్గర ఓర్పు కూడా కాస్త నిలవ ఉంది కానీ, అది అడుగంటింది.

ఏడుగురు ప్రచురణకర్తలు ఆ నవలను తిప్పి పంపారు. ఏడోవాడు పొట్లం విప్పకుండానే పంపాడు. తాడు ముడి తాను వేసినట్టే ఉండటం చూసి మేకులాయన ఆ సంగతి కనిపెట్టాడు. అంతట ఆ వీరుడు దళారీలను విడిచి, నేరుగా కొనేవాడి గుమ్మం తొక్కాడు. ఫోనుల దుకాణం నడిపే బావమరిది ఇంటర్నెట్టులో ఒక పేజీ తయారుచేసి పెట్టాడు. వారానికొక అధ్యాయం చిత్తుప్రతి అందులో పెట్టడం, చదివినవాళ్ళు మెచ్చుకోవడం, తిట్టడం, తిట్టినవి దిద్దుకోవడం, నచ్చినవాళ్ళు పుస్తకం వెల ముందే చెల్లించడం. ముందు అమ్మి తరవాత తయారుచేసే సరుకు! ఇంత మంచి వ్యాపారం ఇనుములో లేదే అని ఆయన ముచ్చటపడ్డాడు.

అయితే అచ్చుయంత్రం ఇన్నూరు ప్రతులకు తక్కువైతే తిరగదు. గడువు నాటి సాయంత్రం ఆరు గంటలకు ఇన్నూరు మంది లేకపోతే ఎవరి సొమ్ము వాళ్ళకు వెనక్కి పోతుంది. ఇల్లాలు పెట్టిన షరతు ఇంకా గట్టిది.

“ఆరింటికి కాలేదంటే వెనకగది నాది. మీ రాతబల్ల తీసేసి రంగు డబ్బాలు పెడతా. మళ్ళీ నవలా గివలా అనకూడదు. ఒట్టు?”

“ఒట్టు,” అని ఉన్నాడు ఆ సాహసి.

ఒక్కడు! ఒకే ఒక్కడు తక్కువ! బంధుబలం మొదటి వారంలోనే మోహరించి ఖర్చైపోయింది. ఇంటి గోడ మీద క్యాలెండరు తప్ప మరొకటి చదివి ఎరుగని అత్తగారు కూడా మద్దతుదారే. తానే ఒక ప్రతి కొనుక్కుందామంటే రచయిత సొమ్మును ఆ పేజీ ముట్టుకోదు. రక్తసంబంధం, వియ్యం, చేబదులు, మొహమాటం అనే చతురంగబలాలు అడుగంటిన ఆ ఘడియలో, గొడుగు దండాయుధంగా, కళ్ళజోడు శిరస్త్రాణంగా, రిటైరై పన్నెండేళ్ళయినా ఎర్రసిరా కలం జేబులోంచి తీయని ఒత్తుల మాస్టారు కొట్టు మెట్లెక్కాడు. తప్పు ఒత్తు కనిపిస్తే శుభలేఖనైనా దిద్ది వెనక్కి పంపే మనిషి కనుక ఆ బిరుదు. చిత్తుప్రతులన్నీ ఊరికే చదివి, ఊరికే దిద్దినవాడు. మద్దతు మాత్రం ఇంకా పలకలేదు.

“ఏమయ్యా, తలుపు బందులున్నాయా? మూడంగుళాలవి.”

“మాస్టారూ, బందులు ఊరికే ఇస్తాను. ఆ పేజీలో ఒక్క నొక్కు నొక్కండి. మీతో ఇన్నూరు.”

మాస్టారు గొడుగు నేలకు తాటించాడు. కొట్టులో తాళాలు గలగలమన్నాయి.

“నొక్కను! నీ రౌతు శూరుడే, కాదనను. నీ కోట దృఢమే, కాదనను. కానీ ఏ జంతువును నమ్మి నీ నాయకుడు అగడ్తలు దాటుచున్నాడో, ఏ జంతువు డెక్కల చప్పుడుకు శత్రువుల గుండెలు జారుచున్నవో, ఆ గుఱ్ఱమునకు బండి ‘ఱ’ ఏదయ్యా? సాదా ‘ర’ పెట్టి గుర్రం అంటావా! బండి కట్టని గుర్రాన్ని నాకు అమ్మజూస్తావా!”

అక్షరమాలలో ఓ మూల కూర్చుని, వచ్చేపోయేవాళ్ళను చూస్తూ కాలం గడిపే ముసలి అక్షరం ఆ బండి ‘ఱ’. దాని పనులన్నీ మామూలు ‘ర’ ఎప్పుడో అందిపుచ్చుకుంది. ఎవరికీ ఇబ్బంది లేదు, మాస్టారికి తప్ప.

మేకులాయన స్టూలు జరిపి, బేరానికి దిగాడు.

“మొదటి పేజీలో గుర్రానికి పెడతాను. సరేనా?”

“అన్నిటికీ.”

“మొత్తం ఎనభై ఆరు చోట్ల ఉంది మాస్టారూ! పోనీ, సగానికి పెడతా. నలభై మూడు.”

“అంటే నీ గుర్రం సగం దూరం బండి లాగి, సగం దూరం ఖాళీగా పోతుందా? అక్షరాలకు బేరం లేదు. ఎర్ర, కర్ర, బుర్ర... వాటి పాపం నీది, వాటి జోలికి రాను. గుర్రం ఒక్కటీ మార్చు. ఇక్కడే కూర్చుంటా.”

వీరుడు ఫోను తీసి బావమరిదికి కొట్టాడు.

“బావా, అది చిటికెలో పని. పై గడిలో పాత అక్షరం రాయి, కింది గడిలో కొత్తది రాయి, ‘అన్నీ మార్చు’ నొక్కు. అన్నీ ఒక్కసారే మారతాయి. కానీ ముందు...”

‘ఒక్కసారే’ అన్న మాట టోకు వ్యాపారి చెవికి అమృతం. ‘కానీ ముందు’ అన్నదాన్ని వినే ఓపిక లేక ఫోను పెట్టేశాడు. ‘ర’ కింద ‘ర’ ఒత్తు ఎలా రాయాలో వేలికి అందలేదు. అయినా ఆ ప్రచండభుజుడు వెనుదీయక, పై గడిలో ఒంటి ‘ర’, కింది గడిలో ఒంటి ‘ఱ’ వేసి, కులదైవాన్నీ కొట్టు లైసెన్సునూ తలచుకుని, నొక్కాడు.

హాహాకారము! పుస్తకంలోని ముప్పై ఒక్కవేల చిల్లర ‘ర’లు ఒక్క లిప్తలో, ఒత్తులతో సహా, బండి ‘ఱ’లై కూర్చున్నాయి. దిద్దిన ప్రతి దిద్దినట్టే మద్దతుదారులందరికీ చేరవేయడం ఆ పేజీకి బావమరిది నేర్పిన సద్గుణం. నూట తొంభై తొమ్మిది ఫోనులు ఒకేసారి మోగాయి. ‘ఱాతికోట ఱౌతు’లో ఱాజు ఱథమెక్కి, ఱాణి వైపు చూసి, “ఱా ప్ఱేయసీ!” అన్నాడు.

జాబులు బాణపరంపరలై వచ్చిపడ్డాయి.

‘అన్నా, నా ఫోను చెడిందా, నీ బుర్ర చెడిందా?’

‘నాయకుడు అలా ఱా ఱా అని పిలిస్తే ఆ పిల్ల ఎందుకొస్తుందండీ? పారిపోతుంది.’

‘పైకి చదివితే పుక్కిలించినట్టుంది. నా సొమ్ము వెనక్కి ఇవ్వండి.’

చివరిదాన్ని అయిదుగురు మెచ్చుకోవడమే కాదు, ఆ బాటనే పట్టారు. నూట తొంభై ఎనిమిది. నూట తొంభై ఆరు. నాలుగున్నరకు నూట తొంభై మూడు. కట్ట తెగిన చెరువులోంచి చేపలు పోయినట్టు సైన్యం పోతుంటే, మాస్టారైనా సంతోషిస్తాడేమోనని మేకులాయన అటు తిరిగాడు. మాస్టారు తన ఫోనును మొహానికి ఆనించుకుని, ఎర్రసిరా కలం మూత పీకుతున్నాడు.

“రాజెక్కేది రథమయ్యా, బండి కాదు! రాణికి బండి, రాత్రికి బండి, రావిచెట్టుకు బండి! ఒక్క గుర్రానికి కట్టమంటే ఊరంతటికీ కట్టావు!”

“మీరేగా బండి కావాలన్నారు!”

“బావుంది ఇద్దరి వరసా,” అని గల్లాపెట్టె మూత టప్పున పడింది. ఇల్లాలు లేచి వచ్చింది. “ముందు తిరగేసి మార్చండి. పైన ‘ఱ’, కింద ‘ర’. ఇదివరకు పుస్తకంలో అది ఒక్కటి కూడా లేదుగా, అన్నీ వెనక్కొచ్చేస్తాయి.”

వచ్చేశాయి. రాజు రాజయ్యాడు. గుర్రం మళ్ళీ బండి లేని గుర్రమే అయింది. మాస్టారు గొడుగు అందుకున్నాడు.

“ఆగండి మాస్టారూ,” అంది ఇల్లాలు. “గుర్రం అని రాస్తే మీరొప్పుకోరు. గుఱ్ఱం అని రాస్తే కుర్రాళ్ళు నవ్వుతారు. అసలు ఆ మాటే ఎందుకు? మూడొందల పేజీలు ఆ రౌతును మోసింది, దానికో పేరు పెట్టి చావొచ్చుగా! మా పిన్ని కుక్కపిల్లకే నాలుగు పేర్లున్నాయి.”

మేకులాయన ఇల్లాలిని తేరిపార చూశాడు. “నువ్వు చదివావా?”

“రెండుసార్లు. ఆ విషయం తరవాత. మాస్టారూ, పేరు మీరే పెట్టండి. పేరన్నాక ఎలా రాసినా ఎవరూ అడగరు.”

మాస్టారు గొడుగు పక్కన పెట్టాడు. నలభై ఏళ్ళు పరుల తప్పులే దిద్దిన ఆ మహానుభావుడిని, ఒక మాట మీరు పెట్టండి అని ఇంతవరకు అడిగినవాడు లేడు. కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

“మెఱుపు,” అన్నాడు. “బండి ‘ఱ’తో.”

“మరి అది గుర్రమని తెలిసేదెలా?” అన్నాడు మేకులాయన.

“సకిలిస్తుందిగా!” అన్నారు మిగతా ఇద్దరూ.

ఈసారి టోకు లేదు, చిల్లరే. గుర్రాన్ని, గుర్రానికి, గుర్రంతో, గుర్రమా అని తలా ఒక రూపంలో పొంచి ఉన్న ఎనభై ఆరు శత్రుస్థానాలను ఒక్కొక్కటిగా పట్టుకోవాలి. ఇల్లాలు పేజీ చదవడం, మాస్టారు విభక్తి చెప్పడం, మేకులాయన చూపుడువేలు ఖడ్గంగా దూకడం. మధ్యలో ఎవరో వచ్చి రెండంగుళాల మేకులడిగితే, జీవితంలో మొదటిసారి ఆయన “లేవు” అన్నాడు. అయిదున్నరకు ఎనభై ఆరో గుర్రం కూలి, మెఱుపై లేచింది. వెంటనే ఆయన ఉన్న మద్దతుదారులకూ పోయినవాళ్ళకూ నాలుగు ముక్కలు రాశాడు: ‘తూకంలో పొరపాటు జరిగింది. సరుకు మార్చి పంపాను. గుర్రానికి పేరు కూడా పెట్టించాను, దానికి వేరే వెల లేదు.’

పోయినవాళ్ళు చదివారు. ఒకడొచ్చాడు, ఇద్దరొచ్చారు. ‘మెఱుపు అదిరింది’ అని ఇంకొకడు. అయిదూ యాభైకి ఆరుగురూ తిరిగి వరసలో నిలబడ్డారు. నూట తొంభై తొమ్మిది.

మేకులాయన మాస్టారి ఫోనునే రెండు చేతులతో ఆయన ముందు పట్టాడు. మాస్టారు వేలు చాచాడు. వేలు గాలిలో ఆగింది.

“ఇదేమిటి?”

“అది నొక్కడమేనండి.”

“‘మద్ధతు’ అని ఉంది. దకారం కింద పొట్ట కింద గీత పెట్టిన ధకారమా? మద్దతుకు ఆ ఒత్తు ఎక్కడిదయ్యా! నూట తొంభై తొమ్మిది మంది ఈ తప్పులో వేలు పెట్టారా? నేను పెట్టను.”

అయిదూ యాభై మూడు. వీరుడు తన ఫోను లాగి బావమరిదికి కొట్టాడు. కంఠం మేఘంలా గర్జిద్దామనుకుంది, మేకపిల్లలా వచ్చింది.

“ఒరేయ్, ఆ పేజీలో ‘మద్దతు’కు ఒత్తు మార్చరా!”

“ఇప్పుడా బావా? కొట్టు నిండా జనం...”

“తమ్ముడూ,” అని ఇల్లాలు ఫోను అందుకుంది. ఆ ఒక్క పిలుపు చాలింది. అవతల టకటకా వినిపించింది.

అయిదూ యాభై ఎనిమిదికి ఒత్తు మారింది. మాస్టారు ఒకసారి చదివాడు, కూడబలుక్కుని ఇంకోసారి చదివాడు, తలాడించాడు, నొక్కాడు.

ఇన్నూరు!

దిక్కులు పిక్కటిల్లలేదు, పూలవాన కురవలేదు. వీధిలో ఒక ఆటో హారను మోగింది, అంతే. ఇల్లాలు “సరే, బల్ల అక్కడే ఉండనివ్వండి, దాని కింద డబ్బాలు పెట్టుకుంటా” అని గల్లాపెట్టె దగ్గరికి పోయింది. కీలకోవిదుడు చిట్టా పుస్తకం తెరిచి, ఆ మహాసంగ్రామపు లెక్క రాశాడు:

‘పోయినవి: తలుపు బందులు ఒక జత, రెండంగుళాల మేకుల గిరాకీ ఒకటి, గుర్రాలు ఎనభై ఆరు. గెలిచినవి: బండి ఱ ఎనభై ఆరు చోట్ల, ద ఒత్తు ఒకచోట, చదివిన భార్య ఒకరు. కావలసిన పాఠకులు ఇన్నూరు, వచ్చినవారు ఇన్నూరు. మిగులు సున్నా.’

ముప్పై ఏళ్ళ వ్యాపారంలో మిగులు సున్నా అని రాసి ఆయన నవ్వడం అదే మొదలు. నవ్వి, ఆ సున్నా కింద రెండు గీతలు గీశాడు.