ప్రామాణిక చెయ్యి

మానవజాతి మోటారుసైకిలును కనిపెట్టింది సుఖం కోసం కాదు, క్రమశిక్షణ కోసం. ఈ సత్యం మా వదిన పనిచేసే నీటి పరీక్షల ఆఫీసుకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

వదిన పని ఊరంతా తిరిగి కుళాయి నీళ్లు సీసాల్లో పట్టుకురావడం. అందుకు ఆఫీసు ఒక బండి ఇచ్చింది. బండి భేషైనదే. చిక్కల్లా, ముందు బ్రేకు లీవరు ఆమె వేళ్లకు అందదు. కొసలు మాత్రం తగులుతాయి (అదీ గోళ్లు కత్తిరించని వారంలో). కాలి బ్రేకు పెడలేమో మరీ పైకి ఉంది. దాన్ని తొక్కాలంటే పాదం మొత్తం ఎత్తి మెట్టెక్కినట్టు ఎక్కాలి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి గ్లాసు పట్టుకుందామన్నా ఆమె వేళ్లు ముడుచుకోవు.

"నొప్పిదేముందయ్యా, ఓర్చుకుంటాను. ఎవరైనా అడ్డమొస్తే ఆపగలనా అన్నదే నా భయం" అంటుంది వదిన.

మెకానిక్కుకు చూపించింది.

"ఇదెంత పనక్కా! ఈ బోల్టు వదులు చేసి లీవరు కాస్త కిందికి తిప్పి, ఈ స్క్రూ రెండు చుట్లు తిప్పితే చేతికొచ్చేస్తుంది. పెడల్‌కి ఒక్క నట్టు. స్పానరిలా పెట్టి అలా తియ్యడమే" అంటూ వంగినవాడు చెయ్యి కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు. బోల్టుల మీద ఆఫీసు లక్క సీలుంది. "దీన్ని ముట్టుకుంటే నా కొట్టు మూయిస్తారక్కా. కాయితం తెచ్చుకో."

నిబంధన పందొమ్మిది ప్రకారం ఆఫీసు బండ్లన్నీ 'ప్రామాణిక చోదకుడి' కొలతలకు బిగించి ఉంటాయి. ఆ మహానుభావుడెవరా అని ఆరా తీశాను. పన్నెండేళ్ల క్రితం కొలతల సంఘం వచ్చిన రోజున, బండ్లు నడిపేవాళ్లంతా బండ్లేసుకుని పనిమీద పోయారు. ఖాళీగా దొరికింది వాచ్‌మన్ ఒక్కడే. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. గేటు పైనుంచి అవతలికి చూడగలడనే ఉద్యోగమిచ్చారు. ఆయనకు బండి నడపడం రాదు (కాబట్టి పక్షపాతానికి తావు లేదని సంఘం ప్రత్యేకంగా నమోదు చేసింది).

వదిన 'స్పానరు వినియోగానికి అనుమతి కోరు పత్రం' నింపింది. అసౌకర్యం ఏ వేలికి? ఆ వేలు పుట్టుకతో పొట్టిదా, ఉద్యోగంలో చేరాక పొట్టిదైందా? రెండోదైతే చేరకముందు వేలి ఫొటో జతచేయాలి. కుటుంబంలో ఒకరు సాక్షిగా ఉండాలి. ఆ గౌరవం నాకు దక్కింది.

నెల తర్వాత సౌకర్యాధికారి స్వయంగా విచ్చేశారు. ఆఫీసు ఆవరణలో బండికి స్టాండు వేయించి, సాక్షినైన నన్ను పక్కన నిలబెట్టి, వదినను ఎక్కి కూర్చోమన్నారు.

"ఇప్పుడు మీకు బ్రేకు వెయ్యాలనిపిస్తోందా?"

"బండి ఆగే ఉంది కదండీ."

"అడిగినదానికి చెప్పండమ్మా. అనిపిస్తోందా, లేదా?"

"లేదండీ."

"చూశారా!" అని రాసుకున్నారు.

"కదిలేటప్పుడు చూడండి సార్. నా వెనక కూర్చోండి, ఒక వీధి తిరిగొద్దాం."

"అమ్మో! బ్రేకు అందనివాళ్ల బండి నేనెలా ఎక్కుతానమ్మా? పిల్లలున్నవాణ్ణి!"

నాకు ఒళ్లు మండిపోయింది. "మా వదినకు మాత్రం లేరా అండీ పిల్లలు?" అన్నాను.

"ఆ గడి ఈ పత్రంలో లేదండీ" అన్నారాయన, నిజంగానే నొచ్చుకుంటూ.

నివేదిక వచ్చింది. తనిఖీ సమయంలో బ్రేకు అవసరం కలగలేదు, స్పానరు ఫైలు పరిశీలనలో ఉంచడమైనది అని దాని సారాంశం. వేళ్లు పొడుగు కావడానికి చేయవలసిన వ్యాయామాల కరపత్రమొకటి ఉచితంగా జతచేశారు. వదిన దాన్ని చదివి, "మీ అన్నయ్యకివ్వు, ముందు ఆయన చెయ్యి వంటింటిదాకా పొడుగవుతుందేమో చూద్దాం" అంది.

రెండు నెలలు గడిచాయి. ఓ మధ్యాహ్నం వదిన సీసాలతో ఆఫీసుకు తిరిగొస్తుంటే, గేటు మలుపులో ఒక ముసలాయన చూసుకోకుండా రోడ్డు దాటాడు. వేళ్లు చాపింది, లీవరు జారింది. కాలు ఎత్తేలోపు ఆయన ఎదుటికొచ్చేశాడు. వదిన హ్యాండిలు తిప్పేసి ఆఫీసు ప్రహరీగోడను గుద్దింది. ముసలాయనకు గీత కూడా పడలేదు. వదిన కుడి మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో కట్టు వేస్తున్నంతసేపూ "ఆయనకేం కాలేదుగా?" అని అడుగుతూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

రెండోరోజు మెకానిక్కు ఇంటికి వచ్చి తలగోక్కున్నాడు. "అక్కా, తిట్టుకోకు, ఒకటి చెప్తాను. నా కొట్టులో పెట్టించిన నీ బండి చూశాను. గుద్దిన దెబ్బకు లీవరు లోపలికి వంగింది, పెడల్ కిందికి దిగింది. అచ్చం నీ కొలతకే!"

ఈ కబురు ఎలాగో ఆఫీసుకు చేరింది. అంతే, మూడు నెలలు కదలని ఆఫీసు ఆఘమేఘాల మీద కదిలింది. గంటలో బృందం కొట్టుకు వచ్చి, లీవరూ పెడలూ మార్చి ప్రామాణిక స్థితికి తెచ్చి, కొత్త లక్క వేసి పోయింది (వాళ్ల స్పానరుకు అనుమతి అక్కర్లేదట. పాత స్థితికి తేవడం సర్దుబాటు కిందికి రాదు). మర్నాడు వదినకు సంజాయిషీ పత్రం అందింది. అనుమతి లేకుండా చేతి, కాలి బ్రేకులను తన సౌకర్యార్థం సర్దుబాటు చేసుకున్నారని అభియోగం.

'సర్దుబాటుకు వాడిన పనిముట్టు' అన్న గడిలో వదిన ఎడమ చేత్తో, వంకర అక్షరాలతో 'గోడ' అని రాసింది.

సంజాయిషీని పెద్దమనసుతో అంగీకరించారు. అయితే ఆమోదిత పనిముట్ల జాబితాలో గోడ లేదని గమనించి, ఆ లోపం సరిదిద్దడానికి పైకి ప్రతిపాదన పంపారు. వారం తిరక్కుండానే గోడకు ఆమోదం వచ్చింది. స్పానరు ఇంకా పరిశీలనలో ఉంది.