డమ్మన్న బండి కేసు

“నాలాంటి బుర్ర వందేళ్ళకొకటి పుడుతుంది అక్కా. అది ఈ గుడారంలో అడుగుపెట్టిన క్షణం నుంచీ నేరస్థుడికి చెమటలు పట్టడం మొదలైనట్టే.”

ఇలా ప్రకటించి డేగకన్ను గుడారం తాడు తట్టుకుని బోర్లా పడ్డాడు. అక్క తల ఎత్తి చూడలేదు. చేతిలో ఉన్న బండి షాక్ అబ్జార్బరును బల్ల మీద పెట్టి చేతుల నూనె పాత గుడ్డకి తుడుచుకుంది. తమ్ముడు పడటం, లేచి దుమ్ము దులుపుకుని నేలను పరిశీలించడానికే పడ్డానని చెప్పడం ఆమెకి చిన్నప్పట్నుంచీ అలవాటే.

డేగకన్ను అనేది ఎవరో ఇచ్చిన బిరుదు కాదు. తనకు తానే తగిలించుకున్నాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో గుమాస్తా. మైనస్ ఆరు అద్దాలు తీసేస్తే ఏ కాలికి ఏ చెప్పు తొడిగాడో తెలియదు. దుకాణంలో భూతద్దాలు ఊరికే దొరుకుతాయి కాబట్టి డిటెక్టివ్ అయ్యాడనీ, అదే గొడుగుల దుకాణమైతే ఇంకేదో అయ్యేవాడనీ బావ అంటుంటాడు. ఇంతవరకూ మూడు కేసులు చేపట్టాడు. మొదటిది యజమాని కళ్ళజోడు పోయిన కేసు. నాలుగు రోజులు పరిశోధించాక అది డేగకన్ను ముక్కు మీదే దొరికింది. మిగతా రెండింటి గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

అక్కని అందరూ స్ప్రింగక్క అంటారు. పదేళ్ళు స్కూటర్లకి పంక్చర్లు వేసిన చేతులు ఆమెవి. మట్టి ట్రాకుల మీద గెంతే బళ్ళకి ముందు ఫోర్కులూ వెనక షాకూ విప్పి, నడిపే మనిషి బరువుకి తగ్గ స్ప్రింగు ఎంచి బిగించే విద్యని పట్టుబట్టి నేర్చుకుంది. ఈ ఏడాది మట్టిబళ్ళ క్లబ్బువాళ్ళు తమ పద్నాలుగు బళ్ళనీ ఒక్కరికే అప్పగిస్తామన్నారు. ఆ ఒక్కరూ స్ప్రింగక్కా, లేక పక్క గుడారంలో కూర్చుని మీసాలు దువ్వుకుంటున్న మెకానిక్కా అన్నది ఈ సాయంత్రం తేలుతుంది. ఆ పని చేతికొస్తే ఇక జన్మలో పంక్చరు వెయ్యక్కర్లేదు. ఆమెకి ఇంతకుమించి కోరిక లేదు.

సరిగ్గా అలాంటి రోజున, పొద్దుటి ప్రాక్టీసులో, క్లబ్బు కార్యదర్శి కళ్ళెదుటే, ఆమె సొంత మొగుడి బండి పెద్ద దిబ్బ మీంచి గెంతి నేలకి దిగుతూ డమ్మంది. వెనక షాకు పూర్తిగా కుంగిపోయి అడుక్కి తగిలిన చప్పుడది. ఒక్కసారి కాదు, దిబ్బ ఎక్కిన ప్రతిసారీ డమ్మంది. మీసాలాయన నవ్వలేదు. సొంత మొగుడి బండినే నిలబెట్టలేని మనిషి మన బళ్ళని ఏం నిలబెడుతుందని మాత్రం అన్నాడు, కార్యదర్శికి వినపడేంత మెల్లగా.

స్ప్రింగక్కకి తల కొట్టేసినట్టయింది. షాకు పక్కన చిన్న మర ఒకటుంటుంది. దాన్ని బిగిస్తే లోపల నూనె దారి ఇరుకై, కుంగడం నెమ్మదిస్తుంది. రెండు టిక్కులు బిగించింది, డమ్మంది. నాలుగు బిగించింది. దిబ్బ దగ్గర డమ్మనడం మానలేదు సరికదా, చిన్న చిన్న రాళ్ళ మీద కూడా బండి తన్నడం మొదలుపెట్టింది. చివరికి షాకే విప్పి చూసింది. నూనె కారలేదు. సీలు బాగుంది. స్ప్రింగు తను వేసిందే. తప్పెక్కడుందో తెలియక, చేతులు విద్య మర్చిపోయాయేమోనని ఆమెకి నిజంగా భయం పట్టుకుంది.

“ఇది మామూలు తప్పు కాదక్కా. దీని వెనక ఒక అదృశ్య హస్తం ఉంది” అన్నాడు డేగకన్ను, భూతద్దంలోంచి తీక్షణంగా చూస్తూ. చూస్తున్నది స్ప్రింగుని కాదు, పక్కనున్న మంచినీళ్ళ సీసాని. 

అతని సిద్ధాంతం ప్రకారం మీసాలాయన ఎవరూ లేని సమయంలో గుడారంలో దూరి, అసలు స్ప్రింగు తీసేసి, అచ్చం అలాంటిదే చచ్చుది ఒకటి పెట్టాడు. స్ప్రింగు మీద తను మేకుతో గీసిన గీత అలాగే ఉందని అక్క చెప్పింది. అలా అనుకోవాలనే గీత గీశాడు, వాడు గుండెలు తీసిన బంటు అన్నాడు డేగకన్ను. సాక్ష్యం కావాలంటే బయట బురదలో బూటు గుర్తులు చూడమన్నాడు. అందులో వేలు పెట్టి లోతు కొలిచి, ఇంత దిగిందంటే మనిషి తొంభై కిలోలకి తక్కువుండడనీ, మీసాలాయన మీసాలే రెండు కిలోలు తూగుతాయనీ లెక్క తేల్చాడు. ఆ గుర్తుల పక్కనే కేకు పొడి రాలి ఉంది. దాన్ని చీమలు మోసుకుపోతున్నాయి. దానికీ కేసుకీ సంబంధం లేదని నిర్ణయించి, దాన్ని కాలితో చెరిపేశాడు.

తర్వాత మారువేషం వేసుకుని శత్రు స్థావరంలోకి వెళ్ళాడు. మారువేషమంటే జేబులోంచి తీసి అంటించుకున్న ఉత్తుత్తి మీసం. ముప్పావుగంటకి మోకాళ్ళదాకా బురదతో తిరిగొచ్చాడు. మీసాలాయన అతన్ని కొత్తగా పనిలో చేరిన వాడనుకుని గుడ్డ, బకెట్టు చేతికిచ్చి రెండు బళ్ళు కడిగించుకున్నాడు.

“ఏం తెలిసింది మరి?” అంది అక్క.

“సాక్ష్యాలన్నీ కడిగేయించాడు, అదీ నా చేత్తోనే. ఇంత కర్కోటకుణ్ణి నేనింతవరకూ చూడలేదు.”

ఆమెకి ఒళ్ళు మండింది. అయినా మనసంతా లెక్కల మీదే ఉంది. ఆమెకో నియమం ఉంది. ఎవరి బండయినా సరే, ముందు ఆ మనిషి హెల్మెట్టూ బూట్లూ కవచాలతో సహా తన తూకం పలక మీద నిలబడాల్సిందే. మగవాళ్ళు తమ బరువు ఐదు కిలోలు తగ్గించి చెబుతారని ఆమె అనుభవం. ఆ నియమం నుంచి ఇంతవరకూ తప్పించుకున్నది ఒక్క ఆమె మొగుడే. ఆయన బేకరీలో పొయ్యి దగ్గర పనిచేస్తాడు. తూకానికి రమ్మన్నప్పుడల్లా బ్రెడ్డు పొయ్యిలో ఉందనేవాడు. తన ఒళ్ళు డెబ్బై రెండనీ, సరంజామాతో ఎనభై వేసుకోమనీ చెప్పాడు. ఆయన చెప్పాడు కాబట్టి ఆమె ఇంకేమీ అడగలేదు. తన యాభై ఐదు కిలోలకీ తోడు బేకరీ నుంచి పాతిక కిలోల మైదా బస్తా తెప్పించి, ఒళ్ళో పెట్టుకుని బండెక్కి కూర్చుంది. వెనక భాగం ఎంత కుంగిందో తమ్ముడి చేత టేపుతో కొలిపించింది. నూట మూడు మిల్లీమీటర్లు, అచ్చం పుస్తకంలో ఉన్నట్టు. టేపు పట్టుకున్నది డేగకన్ను కాబట్టి మూడుసార్లు సరిచూసుకుంది కూడా. ఇవాళ పొద్దున, ఒకసారి ఎక్కండి, కొలుస్తానంటే, మోకాలు లాగుతోంది, ఐసు పెట్టుకుని వస్తానని ఆయన వెళ్ళిపోయాడు. మోకాలి మాట వస్తే ఆమె కాదనలేదు. పోయినేడు ఆ మోకాలికి ఆపరేషన్ అయింది. ఒళ్ళు ఎనభై దాటితే ట్రాకు మొహం చూడనని అప్పుడు ఆమే ఆయన చేత ఒట్టు వేయించుకుంది.

మూడింటికి కార్యదర్శి గుడారంలోకి తొంగిచూశాడు. నెమ్మదస్తుడు, గొంతు పెంచి మాట్లాడడం ఎరగడు. నాలుగింటికి ఆఖరిసారి చూస్తాననీ, అప్పుడు కూడా డమ్మంటే తన చేతుల్లో ఏమీ ఉండదనీ చెప్పి, నొచ్చుకుంటూనే వెళ్ళాడు.

డేగకన్ను ఆ మాటలేవీ వినలేదు. గుడారం పైకప్పులో ఒక చిరుగు చూశాడు. శత్రువు వచ్చింది ఆకాశమార్గాన అని గొణుక్కున్నాడు. ఎత్తు కోసం బల్ల కిందున్న తూకం పలకని బయటికి లాగాడు. కాలు జారకుండా దాని మీద పట్టా పరిచాడు. దాని మీంచి టైర్ల దొంతర ఎక్కి, చిరుగులో తల దూర్చాడు. తల వెళ్ళింది గాని, వెనక్కి రాలేదు. చెవులు అడ్డం పడ్డాయి.

సరిగ్గా అప్పుడే బావ రెండు చేతుల్లో రెండు టీలతో లోపలికొచ్చాడు. ఒంటి మీద కవచాలు, కాళ్ళకి బూట్లు, మోచేతికి హెల్మెట్టు. పైకప్పు నుంచి వేలాడుతున్న బామ్మర్దిని చూసి, పట్టా మీదే నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

తూకం పలకకి తీగతో కలిపి బల్ల మీద పెట్టిన అంకెల డబ్బాలో ఎర్రగా వెలిగింది: తొంభై ఆరు పాయింట్ నాలుగు.

స్ప్రింగక్క ఆ అంకె చూసింది. టైర్ల మీదున్న తమ్ముణ్ణి చూసింది. పట్టా మీదున్న బూట్లు చూసింది.

“దిగండి” అంది. ఆయన దిగాడు. సున్నా.

“ఎక్కండి.” ఎక్కాడు. తొంభై ఆరు పాయింట్ నాలుగు.

“హెల్మెట్టు బరువేమో” అన్నాడాయన.

హెల్మెట్టు తీసుకుంది. తొంభై ఐదు.

“టీలు కూడా ఉన్నాయి కదా.”

టీలు తీసుకుని బల్ల మీద పెట్టింది. తొంభై నాలుగు పాయింట్ ఆరు.

“నేరస్థుడు దొరికాడా?” అని పైకప్పు అవతల నుంచి డేగకన్ను అడిగాడు. 

“చెబితే బండి ఎక్కనివ్వవని” అన్నాడాయన తల దించుకుని. విరిగిన కేకులు అమ్మడానికి పనికిరావనీ, పారేయడానికి చేతులు రావనీ, అలా ఏడాదిలో పదహారు కిలోలు చేరాయనీ చెప్పాడు.

“ఊళ్ళో అందర్నీ తూచాను. మిమ్మల్నొక్కర్నే నమ్మాను” అంది. కిలోల గురించి ఆమెకి కోపం లేదు. పొద్దున్నుంచీ తన చేతుల్ని తానే అనుమానించుకుంది, అది తలుచుకుంటే దుఃఖం ఆగలేదు. ఆయన బయటికి వెళ్ళిపోయాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని పెట్టె తెరిచింది. బరువైన మనుషుల కోసం ఉంచిన గట్టి స్ప్రింగు తీసి, షాకుకి ఎక్కించడం మొదలుపెట్టింది. తమ్ముడు కిందికి దించమని బతిమాలుతున్నాడు. దించితే ఇంకో కేసు చేపడతాడని, పని అయ్యేదాకా అక్కడే ఉండమంది.

షాకు బండికి బిగిస్తుండగా మైదానంలోని మైకు గరగరమంది. అందులోంచి వచ్చింది ఆమె మొగుడి గొంతు.

“నేను స్ప్రింగక్క భర్తని. నా బండి డమ్మనడం ఆవిడ తప్పు కాదు. నా బరువు డెబ్బై రెండని అబద్ధం చెప్పాను. నాది ఎనభై ఎనిమిది.” మైకు మళ్ళీ గరగరమంది. “మధ్యాహ్నం తిన్నది కూడా కలిపితే ఎనభై ఎనిమిదిన్నర.”

మైదానమంతా నవ్వింది. స్ప్రింగక్కకి సిగ్గేసింది, నవ్వొచ్చింది, ఆ మనిషి మీద పట్టరానంత ప్రేమ పుట్టుకొచ్చింది.

నాలుగింటికి కార్యదర్శి వచ్చాడు. వెనకే మీసాలాయన. స్ప్రింగక్క మొగుడి వంక వేలు చూపలేదు. తూచకుండా స్ప్రింగు వెయ్యకూడదన్న నియమం తనదేననీ, దాన్ని తప్పింది తనేననీ, తప్పు తనదేననీ కార్యదర్శికి సూటిగా చెప్పేసింది. మొగుణ్ణి బండెక్కించి కొలిచింది. నూట ఆరు వచ్చింది. స్ప్రింగు పైనున్న రింగుని కాస్త తిప్పి నూట మూడుకి తెచ్చింది. మోకాలి సంగతి గుర్తుంచుకోమనీ, ఒక్క రౌండు చాలనీ చెప్పి పంపింది.

ఆమె చూడలేదు. బల్ల వైపు తిరిగి, రెండు చేతులూ దాని మీద ఆనించి నిలబడింది. ఇంజను చప్పుడు దూరమై, మలుపు తిరిగి, దిబ్బ ఎక్కింది. గాల్లో ఉన్నంతసేపూ ఆమె ఊపిరి తీసుకోలేదు. తర్వాత మెత్తగా మట్టి తొక్కిన శబ్దం, మళ్ళీ ఇంజను చప్పుడు. అంతే.

“అక్కా, దిగాడు. పిల్లి దిగినట్టు దిగాడు” అన్నాడు డేగకన్ను పైకప్పు మీంచి. ఆ దృశ్యం గుడారంలోంచి చూసింది అతనొక్కడే.

ట్రాకు పక్కన నిలబడి చూసిన కార్యదర్శి లోపలికొచ్చి, పద్నాలుగు బళ్ళ జాబితా మడతపెట్టి ఆమె బల్ల మీద ఉంచాడు. అందరినీ తూచి తీరాలనీ, చెప్పిన బరువు ఎవరిదీ, తనది కూడా, నమ్మొద్దనీ అన్నాడు. మీసాలాయన టైర్ల దొంతర ఎక్కి, రెండు చెవులూ మడిచి, డేగకన్ను తలని కిందికి లాగాడు. కింద పడ్డ డేగకన్ను లేచి అద్దాలు సర్దుకుని, ఈ కేసు మొదట్నుంచీ తన అంచనా ప్రకారమే నడిచిందనీ, మీసాలాయనని ప్రస్తుతానికి వదిలేస్తున్నాననీ ప్రకటించాడు.

బండి గుడారం ముందు ఆగింది. మొగుడు దిగి, హెల్మెట్టు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“ఎనభైకి దిగేదాకా ఇది నీ దగ్గరే ఉండనీ.”

“రోజూ తూస్తాను” అంది.

“రోజూ వస్తాను” అన్నాడు.