ఏడో మెట్టు సలహాదారు

ఆయన ఇరవై ఎనిమిదేళ్లు నివేదికలు రాశాడు. ఒక్కటీ ఎవరూ చదవలేదు. ఇందులో వాదించడానికేమీ లేదు.

వంతెనల శాఖలో తనిఖీ ఉద్యోగం ఆయనది. రైలు పట్టాల మీది కాలివంతెన ఆయన పరిధిలోదే. దానికి తూర్పువైపు ఏడో మెట్టు ఊడిపోయి తొమ్మిదేళ్లయింది. జనం ఆరో మెట్టు మీంచి ఎనిమిదో దాని మీదికి అంగ వేసి పోతున్నారు. ఆ సంగతి ఆయన ఏడాదికి నాలుగుసార్లు రాసి పైకి పంపేవాడు. పైవాళ్లు "చూశాం" అని రాసి కిందికి పంపేవారు. ఒకనాడు ఆయన భార్య కూరగాయల సంచీతో అక్కడ అంగ తప్పింది. తుంటి విరిగింది. నాలుగు నెలలు మంచంలో ఉండి కన్నుమూసింది. ఆ ప్రమాదం నివేదిక కూడా ఆయన గడువులోపలే పంపాడు. అది కూడా "చూశాం" అనిపించుకునే తిరిగొచ్చింది.

అలాంటి రోజుల్లో శాఖామంత్రిగారు ఒక చరిత్రాత్మక ప్రకటన చేశారు.

"ఈ ప్రభుత్వం ఇకమీదట కాగితం చదవదు. వీడియో చూస్తుంది. ప్రజలు తమ కష్టాన్ని ఒక్క నిమిషంలో చెప్పాలి. బాగా చెప్పినవాళ్ల కష్టాన్ని నేనే స్వయంగా షేర్ చేస్తాను."

ఏ ప్రభుత్వమైనా ఇంత నిజాయితీగా మాట్లాడగా ఆయన అంతవరకూ వినలేదు. మర్నాడే రాజీనామా రాసి సూపరింటెండెంటు బల్లమీద పెట్టాడు.

"ఇంకా మూడేళ్లు సర్వీసుంది కదయ్యా! నీకేమొచ్చింది?"

"ఈ మూడేళ్లలో నా నివేదిక ఒక్కటైనా చదువుతారా సార్?"

సూపరింటెండెంటు అబద్ధమాడే మనిషి కాడు. "చదవం" అన్నాడు.

"అందుకే."

"పోయి ఏం చేస్తావ్?"

"ఇన్‌ఫ్లుయెన్సర్ అవుతాను."

"పర్మనెంటా, టెంపరరీయా?"

"ఫుల్ టైమ్ సార్."

"అయితే ఫర్వాలేదు" అని సూపరింటెండెంటు సంతకం పెట్టాడు.

మొదటి వీడియో కూతురు తీసింది. ఆమె ఆస్పత్రిలో నర్సు. రోజుకు రెండుసార్లు ఆ మెట్లు ఎక్కి దిగాల్సిన మనిషి.

"నాన్నా, కాస్త నవ్వు."

"మెట్టు లేదు. నవ్వెందుకు?"

"పోనీ, చూసేవాళ్లకి హాయ్ చెప్పు."

"వాళ్లెవరో నాకు తెలీదు."

ఆయనకు వచ్చిన మాటతీరు ఒక్కటే. నివేదిక చదివినట్టు చదివాడు. "తూర్పు వైపు. మెట్లు ముప్ఫై రెండు. ఒకటి. ఉన్నది. రెండు. ఉన్నది." అలా ఆరు దాకా వచ్చి, "ఏడు. లేదు" అన్నాడు. తర్వాత ఎనిమిది నుంచి ముప్ఫై రెండు దాకా ఒక్కటీ వదలకుండా చదివి, కెమెరాకు వీపు చూపించి వెళ్లిపోయాడు.

వారం తిరిగేసరికి పదిలక్షల మంది చూశారు. "ఏడు. లేదు" అనే మాట జనం నోళ్లలో నానింది. పెళ్లి కుదరనివాళ్లూ, ప్రమోషన్ రానివాళ్లూ, కుళాయిలో నీళ్లు రానివాళ్లూ అందరూ "ఏడు. లేదు" అనేవాళ్లే. ఆయనకు మెట్టు బాబాయ్ అని పేరొచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసిన ఆఫీసులో అటెండరుకు కూడా ఆయన పేరు తెలీదు.

ఆయన పొంగిపోయే రకం కాదు. ఎంతమంది చూశారో గంటకోసారి మాత్రమే చూసుకునేవాడు. స్నానాలగదిలో చూసుకున్నవి ఇందులో కలపలేదు.

తర్వాత ఒక చెప్పుల కంపెనీ మనిషి వెతుక్కుంటూ వచ్చాడు. "మా చెప్పులేసుకుని ఆరు మీంచి ఎనిమిదికి దూకండి బాబాయ్, చాలు." యాభై ఏడేళ్ల మనిషి దూకాడు. బాగానే దూకాడు. కంపెనీ మనిషి అంతటితో ఊరుకోలేదు.

"పిన్నిగారి సంగతి ఒక్క ముక్క చెప్పారనుకోండి, జనం ఇంకా బాగా కనెక్టవుతారు."

"నోరు ముయ్" అన్నాడాయన. ఆ కోపం మూడురోజులుంది. నాలుగోరోజు చూసేవాళ్లు తగ్గారు. అయిదోరోజు మెట్ల మీద నిలబడి, "నా భార్య ఇక్కడే పడింది" అన్నాడు.

అది అన్నిటికంటే బాగా ఆడింది. సరిగ్గా ఎక్కడో చూపించమని జనం అడిగారు. సుద్దముక్క తీసుకెళ్లి సున్నా చుట్టి చూపించాడు.

సాయంత్రం కూతురు ఫోను ఆయన ముందు పెట్టింది.

"అమ్మకి ఎన్ని లైకులొచ్చాయి నాన్నా?"

ఆయన చెప్పాడు. తప్పు లేకుండా చెప్పాడు. లెక్కలో ఆయన ఎన్నడూ పొరబడలేదు.

మర్నాటి నుంచి ఆమె వీడియో తియ్యలేదు. ఆయన ఒక స్టాండు కొనుక్కున్నాడు.

మంత్రిగారు సొంత కెమెరాలతో వచ్చారు. ఆరు మీంచి ఎనిమిదికి దూకారు. మూడు టేకులు పట్టింది. ఇద్దరు అంగరక్షకులు చెరో మోచెయ్యీ పట్టుకున్నారు. వీడియోలో వాళ్లు కనబడరు.

"బాబాయ్, మీ వీడియో చూసి రెండ్రోజులు అన్నం సయించలేదు."

"బాధ కలిగిందా సార్?"

"చూడ్డంతోనే సరిపోయింది, తినే తీరికేదీ!"

"మరి మెట్టు వేయిస్తారా?"

"మీరడగడం, మేం వెయ్యకపోవడమా! వేసినట్టే అనుకోండి."

"అనుకుంటే కాలు ఆనదు సార్."

మంత్రిగారు పగలబడి నవ్వి, "ఇది వచ్చిందా?" అని కెమెరామన్‌ని అడిగారు. వచ్చింది. ఆ సంతోషంలో అక్కడికక్కడే ఆయన్ను ఏడో మెట్టు సలహాదారుగా నియమించారు. ఆయన సంతకం లేనిదే శాఖవాళ్లెవరూ ఆ మెట్టు జోలికి పోకూడదని ఉత్తర్వు వచ్చింది. నెలలోగా వంతెనకు రంగుదీపాలు వచ్చాయి, క్యూలో నిలబడ్డానికి ఇనపకడ్డీలు వచ్చాయి, "సెల్ఫీ పాయింట్" అని బోర్డు వచ్చింది. మెట్టు రాలేదు.

ఈలోగా కూతురు ఒక పాతకాలపు పని చేసింది. ఆస్పత్రి వాళ్లందరి చేతా సంతకాలు పెట్టించి, ఒక తెల్లకాగితం అర్జీ తండ్రి పాత ఆఫీసులో ఇచ్చింది. ఆయన మానేశాక నివేదికలు రావడం ఆగిపోయింది. "చూశాం" అని రాయడానికి ఏమీలేక ఖాళీగా కూర్చున్న సూపరింటెండెంటు, పొద్దుపోక ఆ అర్జీని చదివేశాడు. చదివాక ఏం చెయ్యాలో తోచక మంజూరు చేసేశాడు.

బుధవారం ఉదయం తాపీమేస్త్రి సిమెంటు పలక బండిమీద వేసుకుని వచ్చాడు. పక్కనే ఇసకా సిమెంటూ మాలు కలిపి పెట్టుకుని, సలహాదారుగారి ముందు సంతకానికి కాగితం పెట్టాడు. క్యూలో ఉన్నవాళ్ల ముఖాలు చిన్నబోయాయి.

"మెట్టు వేసేస్తే ఇంకేం చూస్తాం బాబాయ్?" అన్నారెవరో.

శుక్రవారం చెప్పుల కంపెనీ షూటింగుంది. కూతురు యూనిఫాంలో పక్కనే నిలబడి ఉంది.

"మేస్త్రీ, శనివారం రాకూడదూ?"

"కలిపిన మాలు శనివారం దాకా ఆగుతుందా బాబాయ్? పైగా మంజూరు గడువు ఇవాళ్టితో సరి. దాటిందంటే కాగితం మళ్లీ మొదట్నుంచీ రావాలి."

"సంతకం పెట్టు నాన్నా, నాకు డ్యూటీ టైమవుతోంది."

ఆయన కలం తీశాడు. మెట్టు పడ్డాక తాను ఎవరని ఒక్క నిమిషం ఆలోచించాడు. ఏమీ తట్టలేదు. గుండ్రటి అక్షరాలతో రాశాడు: "ఏడో మెట్టు స్థితి సంతృప్తికరం. మరమ్మతు అవసరం లేదు." కింద సంతకం చేసి తేదీ వేశాడు.

మేస్త్రి కూడబలుక్కుని చదివాడు. మళ్లీ చదివాడు.

"మరి ఈ పలకేం చెయ్యను? మోసుకుపోవడం నావల్ల కాదు."

ఎవరో ఉపాయం చెప్పారు. కలిపిన మాలు పోసి ఆ పలకను మెట్ల కిందే నేలమీద బిగించారు. కెమెరా ముందు బాబాయ్ నిలబడ్డానికి సరైన ఎత్తయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన ఎక్కి చూశాడు. కదల్లేదు. పని గట్టిది.

కూతురు వంతెన ఎక్కలేదు. రైల్వే గేటు మీదుగా చుట్టు తిరిగి పోయే రోడ్డు పట్టింది. అటు నలభై నిమిషాల నడక.

ఏడో మెట్టు గురించి ఆయన ఇప్పటికీ రోజూ పదింటికి మాట్లాడతాడు. ఆ కాగితం గురించి మాట్లాడడు. ఇంటికెళ్లి అడిగితే తలుపు తియ్యడు. కన్నకూతురే అడగలేదు, ఊళ్లోవాళ్లకెందుకు? ఇక ఆ మాట ఎత్తేది లేదు.