గౌరయ్య దుకాణం వెనుక

సోమవారం పొద్దున చాయ్ గ్లాసు కింద పెట్టేసరికి సత్యమ్మ ఆ రోజు పనంతా ఖరారు చేసుకుంది. రెండు ఇడ్లీలు తిని మేడ్చల్ బజారులో గౌరయ్య స్టీలు దుకాణానికి పోవాలి. గృహప్రవేశానికి వచ్చే చుట్టాలకు పంచడానికి వంద డబ్బాలు చూసుకోవాలి. వాటి మీద కొడుకు జనార్ధన్ పేరు, కోడలు పద్మలత పేరు కొట్టించాలి. పదకొండుకల్లా వచ్చి పప్పు పొయ్యి మీద పెట్టాలి. ఈ పదకొండు అన్నది మాత్రం ఆశే. గౌరయ్య దగ్గర గరిటె కొనాలన్నా గంట పడుతుంది. అడిగింది చూపించేలోపు అడగనివి నాలుగు దింపుతాడు, ఆ నాలుగూ ఎక్కించేలోపు మీ మేనత్త మోకాలి నొప్పి సంగతి కనుక్కుంటాడు.

"అత్తమ్మా, గౌరయ్య మామ దగ్గర ఒక్కో డబ్బా డెబ్బై," అంది పద్మలత, ఇడ్లీ పెడుతూ. "కంప్యూటర్ల నలభై అయిదేనంట. ఇంటికే తెచ్చిస్తరంట."

"ఎవలు జెప్పిండ్రు?"

"మా ప్రవీణ్."

ప్రవీణ్ పద్మలత తమ్ముడు, కొంపల్లిలో ఏసీ గదిలో కూర్చుని చేసే ఉద్యోగం. అది రెండువేల తొమ్మిదో సంవత్సరం. కంప్యూటరులో సామాను కొన్న మనిషి ఉన్నాడంటే మేడ్చల్‌లో ఇంకా చూడ్డానికి వచ్చే కాలం.

"చేతిలవట్టి సూడకుంట డబ్బా ఎట్ల కొంటరే? పిల్లను సూడకుంట లగ్గం జేసినట్టు."

"ఫోటో ఉంటది అత్తమ్మా. మూత మీద తామరపువ్వు గూడ ఉన్నది."

"లగ్గాలకు గూడ ఫోటోలే సూపెడ్తరు. కత తర్వాత తెలుస్తది."

అలా అన్నదే గానీ, మిగిలే డబ్బుకు మిక్సీ వస్తుందని కోడలు చెప్పేసరికి సత్యమ్మ మణికట్టు ఒకసారి దానంతటదే తిరిగింది. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో పచ్చడి నూరుతున్న మణికట్టు అది. మరోపక్క గౌరయ్య. కుక్కర్ పిడి ఊడిన ప్రతిసారీ బిగించి, చాయ్ తాగించి పంపినవాడు. జనార్ధన్ తండ్రి పోయినప్పుడు దశదినకర్మకు గంగాళాలు ఎవరూ అడక్కముందే పంపినవాడు. సత్యమ్మ ఇడ్లీ సగంలో వదిలి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి నాలుగుసార్లు తిరిగింది.

"సరే తియ్యి. గౌరయ్యకు మాత్రం తెల్వద్దు."

ప్రవీణ్ ఫోను చేసి ఇంటి నంబరు అడిగాడు. పాత పెంకుటిల్లు కూలగొట్టినప్పుడు నంబరు రేకు కూడా ఇటుకలతోపాటే పోయింది. ఆ జాగాలోనే కొత్త ఇల్లు లేస్తోంది, పక్కనే రెండు గదుల్లో వీళ్లు కిరాయికి ఉంటున్నారు. పోస్టుమాన్‌కైనా, గ్యాసు బండికైనా, పెళ్లి పత్రికకైనా ఆ గల్లీకి ఒకటే గుర్తు: గౌరయ్య స్టీలు దుకాణం వెనుక. ప్రవీణ్ అదే కొట్టాడు. గౌరయ్యకు తెలియకుండా కొన్న డబ్బాలు గౌరయ్య పేరు పట్టుకునే బయలుదేరాయి.

ఆ గల్లీలోంచి బజారుకు పోవాలంటే గౌరయ్య గల్లాపెట్టె ముందు నుంచే పోవాలి. రెండు రోజులు సత్యమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుని పోయింది. మూడో రోజు గౌరయ్య ఎదురొచ్చి నిలబడ్డాడు.

"అక్కా, ఎండ దెబ్బ గాని తాకిందా? గృహప్రవేశం దగ్గరవడ్తాంది. డబ్బాలకు ఎప్పుడొస్తవ్?"

"ఈపారి డబ్బాలు గిట్ల ఇస్తలేం తమ్మీ. బొట్టు పెట్టి పంపుతం, గంతే."

గౌరయ్య ముఖం మారిపోయింది. మేడ్చల్‌లో గృహప్రవేశం చేసుకుని చుట్టాన్ని ఉత్తచేతులతో పంపిన ఇల్లు అతనికి తెలియదు. అంటే ఇల్లు కట్టే అప్పుల్లో జనార్ధన్ పూర్తిగా మునిగిపోయాడన్నమాట. పాపం, నోరు తెరిచి చెప్పలేకపోతోంది. గౌరయ్య కూడా ఎవరికీ చెప్పలేదు. దుకాణానికి వచ్చినవాళ్లకు మాత్రమే చెప్పాడు.

మర్నాడు గల్లీలోని వజ్రమ్మ సొరకాయ తెచ్చింది, ఆమెను చూసి ఇంకో నలుగురూ సొరకాయలే తెచ్చారు. వెనకే ఇంకొకరు బియ్యం, మరొకరు సగం సీసా నెయ్యి. టెంటు జంగయ్య వచ్చి, ఈసారికి టెంటు ఊరికే వేస్తానన్నాడు. సాయంత్రం జనార్ధన్ డ్యూటీ నుంచి వచ్చి సొరకాయల మధ్య నిలబడ్డాడు.

"అమ్మా, మనకేమైంది?"

"ఏం గాలె బిడ్డా. మంచోళ్లు."

"అందరు ఒక్కటే దినం మంచోళ్లెట్లయిండ్రు?"

సత్యమ్మకూ అదే అర్థం కాలేదు.

తరువాతి బుధవారం మధ్యాహ్నం పార్సిల్ బండివాడు బోర్డు చదివి గౌరయ్య దుకాణం ముందే ఆగాడు. శామీర్‌పేట దుర్గాబాయి మనుమడి పుట్టెంట్రుకలకు వంద డబ్బాలు కావాలంటే, గౌరయ్య బేగంబజారు నుంచి తెప్పిస్తూ రెండు రోజులుగా దారి చూస్తున్నాడు. అట్టపెట్టె నిండా ఇంగ్లీషు. గౌరయ్య ఉర్దూ చదువుతాడు, తెలుగు రాస్తాడు, ఇంగ్లీషు కాయితం కనిపిస్తే సంతకం పెడతాడు. పెట్టాడు. ఆ సాయంత్రమే మిషన్ ముందు కూర్చుని వంద డబ్బాల మీదా దుర్గాబాయి మనుమడి పేరు కొట్టేశాడు. ఈసారి సరుకు కాస్త తేలిగ్గా ఉందని అనిపించింది గానీ, గురువారం పొద్దున్నే దుర్గాబాయి పంపిన ఆటో వచ్చి నిలబడితే ఆలోచించే తీరిక దొరకలేదు.

అదే పొద్దున ప్రవీణ్ ఫోను. "అక్కా, పార్సిల్ నిన్ననే ముట్టింది. గౌరయ్య అని సంతకం గూడ ఉన్నది."

సత్యమ్మ నేల మీద కూలబడింది. "ఇగ బజారుల ఏ మొఖం వెట్టుకుని తిరగాలె. పద్మా, నువ్వు వొయ్యి సూసిరా. ఏదన్న కొన్నట్టు జెయ్యి."

పద్మలత పోయి గరిటె కొనుక్కొచ్చింది, పార్సిల్ పెట్టె కనబడలేదు. మళ్లీ పోయి చాయ్ వడపోసే జల్లెడ కొంది, అప్పుడూ కనబడలేదు. మూడోసారి ఇడ్లీ పాత్ర బేరమాడుతుంటే బల్ల కింద కనిపించింది. పెట్టె ఖాళీ. లోపల పిల్లి పడుకుని ఉంది. మిక్సీ డబ్బులో పెద్ద ముక్క గౌరయ్య గల్లాపెట్టెలోకి పోయింది.

సాయంత్రం సత్యమ్మే తెగించి దుకాణం ముందుకు పోయింది. నోరు తెరవబోయేలోపు గౌరయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"అక్కా, నాకంత తెలుసు. నువ్వేం జెప్పకు. ఇసొంటివి నోటితోని జెప్పుడు కష్టం."

"తెలుసా?"

"ముప్పై ఏండ్ల సంది సూస్తున్న. నీ మొఖం జూస్తే తెల్వదా? మనసుల ఏం వెట్టుకోకు. మనిషన్నంక అప్పుడప్పుడు గిట్లయితది."

ఎంత పెద్ద మనసు, అనుకుంది సత్యమ్మ. మరి డబ్బాలు ఎందుకియ్యడు, అని కూడా అనుకుంది. బుద్ధి రావాలని దాచిపెట్టి ఉంటాడని ఇంటికొచ్చి కోడలికి చెప్పింది. ఆ రాత్రి అత్తకూ కోడలికీ సొరకాయ కూర సయించలేదు.

శుక్రవారం శామీర్‌పేటలో దుర్గాబాయి ఇంటికి పుట్టెంట్రుకల భోజనానికి పోయారు. దుర్గాబాయి సత్యమ్మకు వరసకు ఆడబిడ్డ, గొంతు కాస్త పెద్దది. భోజనాలయ్యాక వరసగా అందరి చేతుల్లో డబ్బాలు పెట్టింది, లోపల రెండేసి బూందీ లడ్డూలు. మూత మీద తామరపువ్వు. పద్మలత అత్త మోచేయి గిల్లింది. అప్పటికే ఎవరో డబ్బాను మూత పట్టుకుని ఎత్తారు. మూత చేతిలో మిగిలింది, డబ్బా కింద పడింది. తర్వాత ఇంకొకరిది. తర్వాత వరసలో అందరివీ. లడ్డూలు టెంటు గుంజల దాకా దొర్లాయి, పిల్లలు వాటి వెంట పడ్డారు.

"గౌరయ్యనే ఇచ్చిండు గీ రేకు డబ్బాలు," అంది దుర్గాబాయి, ఊరికంతా వినబడేలా. "ముసలితనంల గిదేం బుద్ధి? ఇగ ఆ దుకాణం గడప తొక్కితే ఒట్టు. రేపొయ్యి బజారుల నిలవెట్టి అడుగుత."

అవునవునన్నారు అందరూ. ఒకామె తన కుక్కర్ కూడా అనుమానమే అంది. సత్యమ్మ తన ఒళ్లోని డబ్బాను రెండు చేతులతో మూసి పట్టుకుంది. బస్సులో మేడ్చల్ దాకా ఆ మూత టకటకమంటూనే ఉంది.

శనివారం పొద్దున దుర్గాబాయి అన్నంత పనీ చేసింది. డబ్బా ఒక చేత, మూత ఒక చేత పట్టుకుని దుకాణం ముందు నిలబడింది. బజారు సగం ఆగిపోయింది. గౌరయ్య మూత పెట్టి చూశాడు, ఊడింది. మళ్లీ పెట్టాడు.

"నా దుకాణంల ఇసొంటి సరుకు ఎన్నడు దింపలే చెల్లె," అన్నాడు. "బేగంబజారోడు మోసం జేసిండు. తప్పు నాదే. మూత వెట్టి సూడకుంట ఇచ్చిన. నీ పైసలు తీస్కో."

అతను గల్లాపెట్టె మీద చెయ్యి వేశాడు. ఎప్పుడు వచ్చిందో సత్యమ్మ ఆ చేతి మీద తన చెయ్యి వేసింది.

"గా డబ్బాలు నీవి గావు తమ్మీ. మావి."

"ఏందక్కా?"

"కంప్యూటర్ల తెప్పిచ్చినం. అగ్గువకు వస్తయని. నీకు తెల్వద్దని."

గౌరయ్య ఒంగి బల్ల కింది నుంచి పెట్టె లాగాడు. పిల్లి దిగిపోయింది. "సదువు బిడ్డా," అని, అత్త వెనకే వచ్చిన పద్మలతకు ఇచ్చాడు. ఆమె పెట్టెలో ముఖం దాచుకున్నంత పని చేసి చదివింది. "ప్రవీణ్. గౌరయ్య స్టీల్ షాపు. కింద చిన్నగ 'వెనుక' అని ఉన్నది మామా."

"అంటే మీకు పైసల తక్లీఫ్ ఏం లేదా?"

"ఎవలకు?"

"మరి గా సొరకాయలు?"

అప్పుడు సొరకాయల సంగతి సత్యమ్మకు అర్థమైంది. దుర్గాబాయి డబ్బాతో ఎవరిని తిట్టాలో తేలక ఇటూ అటూ చూసింది. అంతలో బేగంబజారు ఆటో వచ్చి ఆగింది. దారిలో బండి చెడిపోయిందట, అయిదు రోజులు ఆలస్యమైందని దండాలు పెడుతూ వంద డబ్బాలు దింపారు. గౌరయ్య ఒకటి తీసి మూత పెట్టి, మూత పట్టుకునే ఎత్తి అందరికీ చూపించాడు. ఊడలేదు.

దుర్గాబాయి డబ్బాలన్నింటికీ మూతలు బిగించి ఇస్తానన్నాడు. కొత్త డబ్బాలు సత్యమ్మకట. "తేడా ఎంతైతే గంత పట్టుకో తమ్మీ," అంది సత్యమ్మ. గౌరయ్య మొహమాటపడలేదు, పట్టుకున్నాడు. మిక్సీ డబ్బులో మిగిలిన ముక్క కూడా పోయింది. రోజంతా మిషన్ చప్పుడు గల్లీలోకి వినబడుతూనే ఉంది.

ఆదివారం జనం బాగా వచ్చారు. సొరకాయ పప్పు, సొరకాయ పులుసు, సొరకాయ హల్వా. డబ్బాలు పంచుతూ పంచుతూ సత్యమ్మ ఒకటి కళ్లకు దగ్గరగా పెట్టుకుని, కూడబలుక్కుని చదివింది. జనార్ధన్, పద్మలత, గృహప్రవేశం. ఆ కింద, తాము చెప్పని ఇంకో వరుస ఉంది, పై వరుసలకంటే పెద్ద అక్షరాలతో: గౌరయ్య స్టీలు దుకాణం వెనుక.

ఆ వరుసకు మాత్రం మజూరీ తీసుకోలేదు.