అయిదు స్టార్ల అర్జీలు

ఆ ఉదయం షాకీర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ఆట విడుదలవుతుంది, నలుగురూ మెచ్చుకుంటారు, సాయంత్రం మేనేజరు సంతకం పెడతాడు, కడపలో ఉన్న భార్య ఫర్హీన్ సౌదీలోని హుఫూఫ్‌కు, తన దగ్గరికి వచ్చేస్తుంది. పెళ్లయిన నెలకే విమానమెక్కినవాడికి అంతకంటే పెద్ద పథకాలు ఎందుకుంటాయి?

"లాంచ్ స్మూత్‌గా పోతే ఈవినింగే నీ ఫ్యామిలీ వీసా పేపర్ల మీద సైన్ చేస్తా. రివ్యూలు ఖరాబొస్తే నన్నడగొద్దు," అన్నాడు మేనేజర్ ఇనాయతుల్లా. ఆయన హైదరాబాదీ. మాట మీద నిలబడే మనిషి, ముఖ్యంగా రెండో మాట మీద.

ఆట పేరు ఖర్జూర సంత. ఆన్‌లైన్‌లో తోట వేసి పండ్లు అమ్ముకోవాలి. విడుదలైన క్షణం నుంచి అది తెరుచుకోనే లేదు. తెర మీద ఒక చక్రం తిరుగుతూ కూర్చుంది. జనం ఉతికి ఆరేశారు. "నిజం చెట్టు నాటినా ఈపాటికి కాసేది" అని ఒకరు. "సున్నా ఇవ్వడం కుదరక ఒక స్టార్ ఇస్తున్నా" అని ఇంకొకరు. వాటికి జవాబు రాయడమే షాకీర్ ఉద్యోగం. కాసేపు రాసి, చేతులు పీకి, ఏ భాషలో రాస్తే ఆ భాషలో దానంతటదే జవాబు వెళ్లేలా పెట్టేశాడు: "మీ సమస్య మా దృష్టికి వచ్చింది. వచ్చే అప్‌డేట్‌లో తప్పక పరిష్కరిస్తాం."

తర్వాత దేవన్నకు ఫోను చేశాడు. దేవన్నది జగిత్యాల వైపు. హుఫూఫ్ చివర ఒక కాంట్రాక్టరు నడిపే కార్మికుల క్యాంపులో ఉంటాడు. ఆఫీసు పైపులు బాగుచేయడానికి వచ్చి స్నేహితుడయ్యాడు.

"అన్నా, మీ క్యాంపులో వాళ్లందరితో మా ఆటకు అయిదు స్టార్లు పెట్టించల్ల. కింద మంచిగా ఒక మాట రాయమను."

"గట్లనే తమ్మీ. రాసింది ఎవలు సదువుతరు?"

"మా కంపెనీ పెద్దోళ్లు. ఒగొగటీ చదివి జవాబు కూడా ఇస్తారు."

"జవాబు గూడ ఇస్తరా," అని రెట్టించాడు దేవన్న.

ఆ క్యాంపులో ఎన్ని అర్జీలు పెట్టుకున్నా పలికిన నాథుడు లేడు. చదివి జవాబిచ్చే పెద్దమనిషి దొరికాక ఆట గురించి రాసే తీరిక ఎవరికుంటుంది?

మధ్యాహ్నానికి స్టార్లు పెరగసాగాయి. షాకీర్ ప్రాణం లేచొచ్చింది. అప్పుడు కింద రాసింది చదివాడు.

"కంపెనీ సార్లకు దండాలు. ఆట మంచిగున్నది. మా రూముల ఏసీ నడుస్తలేదు." అయిదు స్టార్లు.

"సార్లు సల్లగుండాలె. నా పాస్‌పోర్టు ఇప్పియ్యున్రి." అయిదు స్టార్లు.

"మా అవ్వ సచ్చిపోయింది. ఇంటికి పంపుతలేరు. రాము, ప్లంబర్." అయిదు స్టార్లు. దాని కింద, వచ్చే అప్‌డేట్‌లో తప్పక పరిష్కరిస్తామని జవాబు.

షాకీర్‌కు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. హడావుడిగా ఆ జవాబును ఆపేశాడు గానీ అప్పటికే చేయి దాటిపోయింది. తొలిసారి జవాబు అందుకున్నవాళ్లు ఊరుకుంటారా, ఉనైజా తోటల్లో, మదీనా హోటళ్లలో ఉన్న చుట్టాలందరికీ చెప్పేశారు. అర్జీలు వెల్లువెత్తాయి. వాటి అనువాదాలు చదివి ఆటగాళ్లు తీర్పు చెప్పేశారు: "ఆట చేసినవాళ్లను ఏసీ లేని గదిలో పెట్టి తాళం వేశారట. ఇంక తెరుచుకోమంటే ఏం తెరుచుకుంటుంది?"

సాయంత్రం ఆ రివ్యూలు పట్టుకుని కార్మిక శాఖ అధికారులు వచ్చారు. వాళ్లను పంపించి ఇనాయతుల్లా కుర్చీలో కూలబడ్డాడు.

"వాళ్లు మన వర్కర్లు కాదంటే వింటలేరు. మరి పరిష్కరిస్తామని ఎందుకు రాసిన్రు అంటున్నరు. ఎంక్వైరీ అయ్యేదాకా కంపెనీ మీద వీసాలన్నీ స్టాప్. ఇగ సైన్ మాట మర్చిపో."

అధికారులు క్యాంపుకూ వెళ్లారు. కాంట్రాక్టరు బెదిరిపోయి ఏసీలు బాగుచేయించాడు, పాస్‌పోర్టులు పంచాడు. వారం తిరక్కుండానే దేవన్న ఫోను చేశాడు.

"తమ్మీ, రాము ఇంటికి వోతున్నడు. నీ ఆట మస్తుగున్నదని చెప్పమన్నడు."

"ఆడినాడా అన్నా?"

"యాడిది. ఇంకా తెరుసుకుంటలేదు గదా."

ఫర్హీన్‌కు సంగతి చెప్పడానికి ఆ రోజు దాకా షాకీర్‌కు నోరు రాలేదు. చెప్పాక ఆమె ఏడవలేదు, గొడవ పడలేదు. ఒక్కటే అడిగింది: "ఎవరేం రాసినా మీ కంపెనీ వాళ్లు చదువుతారా?"

"చదువుతారు," అన్నాడు షాకీర్ దిగులుగా.

మర్నాడు ఆఫీసులో తెర తెరవగానే కొత్త రివ్యూ కనిపించింది. "అయ్యా, నా మొగుడు మీ దగ్గరే పనిచేస్తాడు. పెండ్లయినప్పటి నుంచి మాది ఫోన్లో కాపురమే. ఆయన్నన్నా పంపియ్యండి, ల్యాకుంటే నన్నన్నా పిలిపియ్యండి. ఫర్హీన్, కడప." అయిదు స్టార్లు.

రివ్యూలకు జవాబు రాసే ఉద్యోగి ఆ కంపెనీ మొత్తానికి షాకీర్ ఒక్కడే.