మడి కట్టుకున్న గర్భాశయం

"మేడం, గర్భాశయం వచ్చింది. ఎక్కడ పెట్టాలె?"

మా నర్సింగ్ స్కూల్ క్లర్కు దత్తు ఈ శుభవార్త చెప్పినప్పుడు నా చేతుల నిండా చిక్కుడుకాయలున్నాయి. అందుకని ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. పక్కనే కూర్చుని ఈనెలు తీస్తున్న అత్తమ్మ చెయ్యి ఆగింది. ఒక్క క్షణం ఆలోచించి, "దాని జాగల పెట్టమను బిడ్డా" అంది.

అత్తమ్మ మాట పొల్లు పోలేదు. ఆ గర్భాశయం ఇప్పుడు దాని జాగాలోనే ఉంది. స్టీలు అల్మారాలో, పై అరలో, తాళం వెనక, ఎర్రటి జాకెట్టు గుడ్డ కింద. నర్సింగ్ చదివే అమ్మాయిల చేతికి గర్భాశయం అందకుండా చూడటమే వైద్యవిద్యలో అన్నిటికన్నా ఉత్తమమైన పద్ధతి అని ఈరోజు నిరూపించబోతున్నాను. నవ్వకండి. నేను బీఎస్సీ నర్సింగ్, ఫస్ట్ క్లాస్.

నాకు పెళ్లయి ఐదు నెలలు, ఈ ఉద్యోగం వచ్చి మూడు నెలలు. ఈమధ్య నాకు ప్రతిదీ సంతోషమే. స్టీలు డబ్బా మూత మొదటిసారే సరిగ్గా పడితే సంతోషం. మా ఆయన వినాయక్ లాల్‌పేట్ గనిలో సర్వేయర్, డ్యూటీ నుంచి వచ్చి ముఖం కడుక్కుంటే బొగ్గు కింద మళ్లీ ఆ ముఖమే బయటపడటం సంతోషం. ఇక గర్భాశయం మోడల్ వచ్చిందంటే ఎంత సంతోషమో మీరే ఊహించుకోండి. ప్లాస్టిక్ కటి ఎముక, విప్పి చూపించగల గర్భాశయం, రెండు అండాశయాలు, బొడ్డుతాడుతో సహా ఒక బిడ్డ, గుండీతో అతికే మావి. మర్నాడు పొద్దున్నే క్లాసుకు పరిగెత్తాను.

మా ప్రిన్సిపాల్ సుభాషిణి మేడం ఆపింది. "కొత్త సామాను అమ్మా. దసరా వారం రోజులే ఉంది. పూజ అయినంక తియ్యి."

సబబే కదా? ఆగాను. దసరా ముందురోజు ఆయుధపూజ జరిగింది. బీపీ మెషీన్‌కు పసుపు, కత్తెరలకు కుంకుమ, స్కూల్ వ్యాన్ టైరు కింద నిమ్మకాయ. కటి ఎముకకు రెండు వైపులా బొట్టు పెట్టి బంతిపూల దండ వేశారు. బిడ్డ నుదుట కూడా చిన్న బొట్టు. కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి, అల్మారాలో పెట్టి తాళం వేశారు.

పండగ సెలవు కాగానే తాళం అడిగాను.

"పూజ అయింది గదా అమ్మా" అంది మేడం. "ఇగ దాని పవిత్రం దానికుంటది. బయట ఉన్న పిల్లలు ముట్టుకోవద్దు."

"మేడం, అది గర్భాశయం."

"అందుకే గదా అమ్మా."

పాఠకులారా, ఈ జవాబును నేను పదిహేను రోజులుగా మననం చేస్తున్నాను. ప్రతిసారీ దానిలో కొత్త లోతు కనిపిస్తోంది. నెలసరి వచ్చేది గర్భాశయం నుంచి. కనుక నెలసరిలో ఉన్న మనిషికి గర్భాశయం దూరంగా ఉండాలి. సొంతదాన్ని దూరం పెట్టడం ఆ భగవంతుడికే సాధ్యం కాలేదు. కనీసం ప్లాస్టిక్‌దాన్నయినా మా స్కూల్ దూరం పెట్టగలిగింది!

ఒక్కరు బయట ఉన్నా ఆరోజు మోడల్ తీయకూడదని నియమం. క్లాసులో ఇరవై ఇద్దరు అమ్మాయిలు, నాతో ఇరవై మూడు. మనిషికి నెలకు ఐదు రోజుల చొప్పున వినాయక్ లెక్క కట్టాడు. అందరూ ఒకేసారి శుద్ధంగా ఉండే రోజు సుమారు రెండు నెలలకు ఒకటి వస్తుందట. అది ఆదివారం కాకుండా చూసుకోవాలి.

ఈ విధానంలో లాభాలు చూడండి. మొదటిది, సామాను పాడవదు. నేను చదువుకున్న కాలేజీలో మోడల్‌ను అందరూ ముట్టుకుని ముట్టుకుని బొడ్డుతాడు తెంపేశారు. మా బిడ్డ ఇంకా ప్లాస్టిక్ కవర్‌లోనే ఉంది. బొట్టు కూడా కవర్ మీదే పెట్టారు. ఇంత సురక్షితమైన శిశువు జిల్లాలో ఇంకొకటి ఉందా?

రెండోది, పురుషులకు అవకాశం. తాళం దత్తు దగ్గరుంటుంది. వారానికోసారి దుమ్ము దులిపేది అతనే. మా స్కూల్లో నెలకు ముప్ఫై రోజులూ గర్భాశయాన్ని ముట్టుకునే అర్హత ఉన్న ఏకైక మనిషి దత్తు. మొన్న మావిని విప్పి మళ్లీ గుండీ పెట్టాడట. "ఎంత సుబకం ఉంది మేడం" అన్నాడు, మరాఠీలో ముచ్చటగా ఉందని. వచ్చే ఏడాదికి మా స్కూల్ నుంచి బయటికొచ్చే అత్యుత్తమ మంత్రసాని అతనే అవుతాడని నా నమ్మకం.

మూడోది, ఊహాశక్తి. మోడల్ లేదు కనుక మాటలతో చెబుతున్నాను. మామూలుగా గర్భాశయం తలకిందులుగా పెట్టిన జామకాయంత. అండాశయం బాదం గింజంత. నెలలు నిండేసరికి పుచ్చకాయ. ఇంటర్నల్ పరీక్షలో ఒకమ్మాయి గర్భాశయం బొమ్మ గీసింది. కింద తొడిమ కూడా పెట్టింది. రెండు మార్కులు వేశాను. నేను చెప్పిందే గీసిన మనిషికి సున్నా ఎలా వేస్తాను?

ఇక పది సెంటీమీటర్ల సంగతి. కాన్పు సమయంలో గర్భాశయ ముఖద్వారం పది సెంటీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. ఎంత తెరుచుకుందో వేళ్లతో కొలవడం నర్సుకు రావాలి. కళ్లతో చూసి నేర్చుకునే విద్య కాదది. ఒక ఆదివారం ఇంట్లో పూరీలు వత్తాను, ఒక సెంటీమీటరు నుంచి పది దాకా. వినాయక్ ఒక్కోదాన్నీ స్కేలుతో కొలిచి సరిచూశాడు.

అత్తమ్మ పళ్లెంలోకి చూసింది. "ఇదేంది బిడ్డా, ఒకటి బటాని అంత, ఒకటి చెయ్యంత?"

"అమ్మా, గవి కాన్పు నొప్పులు" అన్నాడు వినాయక్ నములుతూ. "నేను ఎనిమిది దాకా వచ్చిన. ఇంకో రెండు తింటే కాన్పే."

"నీకైతే నూనెతోటే అయితది. నాకు నాలుగు కాన్పులు, నాలుగు సార్లు పానం పోయొచ్చింది" అంది అత్తమ్మ. తర్వాత పది సెంటీమీటర్ల పూరీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంత తెరుసుకుంటదా? నాకెవ్వరు చెప్పలె."

మిగిలిన పిండితో ఇంకో వరస చేసి క్లాసుకు పట్టుకెళ్లాను. విద్యార్థినులు ఎంతో శ్రద్ధ చూపారు. పాఠం మొత్తం తినేశారు. పూరీలో లోటల్లా ఒకటే, దాని వెనక బిడ్డ ఉండదు.

ఈ విధానాన్ని ఆసుపత్రులకూ విస్తరించాలని నా మనవి. కాన్పు గదికి కూడా ఒకసారి పూజ చేస్తే చాలు. రక్తంతో ఉన్నవాళ్లెవరూ లోపలికి రాకూడదు. ఆ తర్వాత ఆ గది శుభ్రత చూడండి! దుప్పటి మీద మరక ఉండదు, అరుపులుండవు, డాక్టరుకు నిద్ర చెడదు.

ఇంత గొప్ప పద్ధతిని అర్థం చేసుకోలేని మనుషులు కూడా ఉంటారు. మా క్లాసులో అమృత అలాంటిది. జివతి వైపు గుట్టల మీద వాళ్ల ఊరు. మాట్లాడటం తెలుగు, చదివింది మరాఠీ. చివరి బెంచీ. మూడు నెలల్లో నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. మొన్న క్లాసయ్యాక అందరూ వెళ్లిపోయినా కూర్చునే ఉంది.

"మేడం, ఆ బొమ్మ నేను ఒక్కసారి ముట్టుకుని సూడాలె."

"ఎందుకమ్మా?"

"దీపావళి సెలవులకు ఇంటికి పోతున్న. మా వదినకు తొమ్మిదో నెల. మొదటి కాన్పు. అంబులెన్సు ఘాటు రోడ్డు కిందనే ఆగుతది మేడం, గుట్ట పైకి రాదు. దించుకపోయేసరికి ఎట్లయితదో తెలువదు. ఇంట్ల అందరూ ఒకటే మాట. నర్సు బిడ్డ వస్తుంది గదా, ఇగ రంది లేదు అంటున్నరు."

నేను పుస్తకంలో బొమ్మ చూపించబోయాను. అమృత చూడలేదు.

"పుస్తకం వద్దు మేడం. పోయిన ఎండకాలం మా పక్కింటామెకు బిడ్డ పుట్టినంక మాయ పడలె. అందరూ నా దిక్కు సూసిండ్రు. నేను పుస్తకం కోసం ఇంట్లకు ఉరికిన."

ఆ ఊళ్లలో మావిని మాయ అంటారు. బిడ్డ తర్వాత అది బయటికి రాకపోతే తల్లి రక్తం ఆగదు.

"పుస్తకంలో ఏముంది?"

"బాణం గుర్తు ఉంది మేడం. బాణం పక్కన పేరు ఉంది." అమృత చున్నీ కొస చుట్టుకుంటోంది. "ఆమెను మంచం మీద మోసుకుని ఘాటు దించిండ్రు. బతికింది. నా చదువుతోటి కాదు."

నేను తాళం కోసం సుభాషిణి మేడం దగ్గరికి వెళ్లాను. మేడం ముప్ఫై ఏళ్లు ఆసుపత్రిలో పనిచేసింది. ఎన్ని కాన్పులు చేసిందో ఆమెకే లెక్క లేదు. అమృత సంగతంతా విన్నది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుంది. "నియమం నేను మార్చలేనమ్మా. ట్రస్టు వాళ్లు ఒప్పుకోరు" అంది. తర్వాత కిటికీలోంచి చూస్తూ, "ఎవరు బయట ఉన్నరో అడిగే పని దత్తుది. ఏం జవాబు వచ్చిందో వాడు నాకు చెప్తేనే నాకు తెలుస్తది" అంది.

ఎల్లుండి నుంచి సెలవులు. పొద్దున్నే అమృత గడ్‌చాందూర్ బస్సు ఎక్కుతుంది. అంటే రేపటిదే ఆఖరి క్లాసు. ఈరోజు సాయంత్రం దత్తు తాళం చెవి చేతిలో పట్టుకుని స్టాఫ్ రూమ్‌కు వచ్చాడు.

"మేడం, రేపు క్లాసుల ఎవలన్న... అడ్డం ఉన్నరా? అడగాలె గదా." పాపం, సీలింగ్ వైపు చూస్తూ అడిగాడు.

"ఉన్నరు దత్తు."

"ఎవలు మేడం?"

"నేను. నిన్నటి నుంచి."

 ఆ అల్మారాలో దుమ్ము దులిపిన అనుభవమంతా దత్తు ముఖంలో కనిపించింది. తాళం చెవి నా పుస్తకం మీద పెట్టాడు.

"నాకు ఇనబడలే మేడం. ఫ్యాన్ సప్పుడు" అన్నాడు.

ఫ్యాన్ ఆఫ్‌లో ఉంది.

ఇంటికొచ్చి సంగతి చెబితే వినాయక్ నా రెండు చేతులూ పట్టుకుని అరచేతులు తిప్పి చూశాడు. "ఇవేనా ఆ ముట్టుకోగూడని చేతులు?" అన్నాడు. అత్తమ్మ అన్నం వడ్డిస్తూ అడిగింది, "బయటోళ్లను రానిస్తరా అండ్ల? నలుగురిని కన్న. అదెట్లుంటదో ఎన్నడు సూడలె."

కనుక పాఠకులారా, ఇంతదాకా నేను చేసిన వాదనలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. రేపు పది గంటలకు క్లాసు. అల్మారా నేనే తెరుస్తాను. బిడ్డను కవర్‌లోంచి తీస్తాను. మొదట ముట్టుకునేది అమృత. మావి ఎలా విడివడుతుందో, ఎప్పుడు లాగకూడదో, ఘాటు దించాలని ఏ క్షణంలో కేక వేయాలో వేళ్లకు తెలిసేదాకా ఆమె చేతిలోంచి ఎవరూ తీసుకోకూడదు. ఆ తర్వాత మిగిలిన ఇరవై ఒక్కమంది, బయట ఉన్నవాళ్లూ లోపల ఉన్నవాళ్లూ. చివరి బెంచీలో మా అత్తమ్మ.

మడి తప్పనిసరి. మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడుక్కుని రావాలి.