రాజుగారి చావుకు వన్స్‌మోర్

ఆ రోజుకు ఆదినారాయణ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే లేవడం, తలకు పోసుకోవడం, ఎనిమిది గంటల బస్సు హిందూపురంలో ఎక్కి పెనుకొండలో దిగడం, సాయంత్రం అక్కడి హైస్కూలు మైదానంలో స్టేజీ ఎక్కి విషం తాగి చావడం. మధ్యలో ఎక్కడా నోరు విప్పకూడదు. నోరు విప్పకుండా ఉండడం కంటే సులువైన పని లోకంలో ఏముంటుందని ఆయన అనుకున్నాడు. పెళ్ళయి పాతికేళ్ళయిన మనిషి, ఆపాటి అనుభవం లేకపోలేదు.

ఆదినారాయణ బెల్లం మండీలో గుమాస్తా. అది కడుపు కోసం. మనసుకు మాత్రం ఆయన ధీరసింహ మహారాజు. మంత్రి చాడీలు నమ్మి కన్నకొడుకునే చంపించి, ఆనక నిజం తెలుసుకుని, శవం పక్కన మూడు పద్యాలు పాడి విషం తాగే ఆ రాజు వేషం ఇరవై ఏళ్ళు కట్టాడు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం తాలూకాల్లో ఆ మూడు పద్యాలు రాని మనిషి ఉన్నాడంటే, వాడు నిన్నో మొన్నో బదిలీ మీద వచ్చిన ఉద్యోగస్తుడై ఉండాలి. రాజు చావగానే జనం "వన్స్‌మోర్!" అని అరిచేవాళ్ళు. చచ్చిన రాజు లేచి, కిరీటం సర్దుకుని, మళ్ళీ పాడి మళ్ళీ చచ్చేవాడు. అందులో వింతేమీ ఎవరికీ తోచేది కాదు. అడిగినా లేవకపోతేనే పొగరనుకునేవాళ్ళు.

రెండేళ్ళ కిందట ఆయన గొంతులో కాయ లేచింది. బెంగుళూరు ఆసుపత్రిలో కోసి తీసేశారు. ప్రాణం నిలిచింది, మాట మిగిలింది, పాట పోయింది. మిగిలిన మాట కూడా రేకు డబ్బాను బండల మీద ఈడ్చినట్టు ఉండేది. నాటకం కంపెనీ వేరే రాజును వెతుక్కుంది. ఆదినారాయణ కిరీటాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టి, మండీకి పోవడం, అన్నం తినడం, గోడకు తిరిగి పడుకోవడం అనే పనుల్లో పడ్డాడు.

అట్లాంటి రోజుల్లో నీలావతి వచ్చింది. ఆడపిల్లల బడిలో టీచరు, మైసూరులో నాట్యం నేర్చుకున్న పిల్ల.

"అన్నా, మీ ధీరసింహుణ్ని నేను బ్యాలే చేస్తాండా," అంది.

ఆదినారాయణ బిత్తరపోయి చూశాడు.

"బ్యాలే అంటే మాటలుండవు, పద్యాలుండవు. కథంతా ఆటతోనే చెప్పాల. మంత్రి, కొడుకు, భటులు అంతా మా బడి పిల్లోళ్ళే. రాజు మాత్రం మీరే కావాల. చిన్నప్పుడు మా నాయన భుజం మీద కూర్చొని మిమ్మల్ని చూసినా. పద్యం ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ మీ మొకం చూసి ఏడ్చినా."

ఆ పూట ఆదినారాయణకు అన్నం దిగలేదు. పాడకుండానే రాజు కావచ్చట! ఆ తల్లి ఎవరు కన్న బిడ్డో అని మనసులోనే వెయ్యి దండాలు పెట్టుకున్నాడు. ఆమె మొదటి పద్యాన్ని చేతుల్లోకి, రెండోదాన్ని కళ్ళలోకి, మూడోదాన్ని మోకాళ్ళ మీది నడకలోకి మార్చింది. అంతా బాగానే కుదిరింది గానీ పద్యం వచ్చే చోటికి రాగానే ఆయన పెదాలు వాటంతటవే కదిలేవి. "పెదాలన్నా, పెదాలు!" అని నీలావతి నెత్తి కొట్టుకునేది. చివరికి ఒక కట్టడి చేసింది. "ఆట రోజు పొద్దున లేసినప్పటి నుంచి ఒక్క మాట మాట్లాడొద్దు. ఏం కావాలన్నా చేతులతోనే అడగాల."

కట్టడి ఆయనకు నచ్చింది. గొంతు పోయిన సంగతి హిందూపురంలో అందరికీ తెలుసు గానీ, బయటి ఊళ్ళకు "ఒంట్లో బాగలేదంట" అన్నంత వరకే పాకింది. పాట లేని రాజును జనం ఒప్పుకుంటారా, లేదా? ఈ సాయంత్రం తేలిపోతుంది. ఒప్పుకోకపోతే కిరీటం మళ్ళీ అటకెక్కుతుంది. ఈసారి ఎక్కితే ఇక దిగదని ఆయనకు తెలుసు.

ఆ పొద్దున ఆయన వేడినీళ్ళు కావాలని పది వేళ్ళతో పొగలు ఆడించి చూపించాడు. భార్య హనుమక్క సాంబ్రాణి తెచ్చి మొహం ముందు పెట్టింది. అప్పుడే ఆయన జాగ్రత్తపడి ఉండవలసింది. పడలేదు.

నీలావతి, పిల్లలు, హార్మోనియం మల్లప్ప మొదటి బస్సుకే వెళ్ళిపోయారు. ఆదినారాయణ, హనుమక్క ఎనిమిది గంటల బస్సు ఎక్కారు. ఇంజనులో నీళ్ళు పోయడానికి బస్సు సోమందేపల్లిలో ఆగింది. టీ అంగడి ఓబులేసు కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమప్పా ధీరసింహా! యాడ పోతివి ఇన్నాళ్ళు? ఈపొద్దు పెనుకొండలో నీ ఆటంట గదా. పాడతావా?"

ఆదినారాయణ గొంతు మీద వేళ్ళు ఆనించి, ఆ చేతిని నెమ్మదిగా ముందుకు చాపి, వేళ్ళు విప్పాడు. గొంతు ఎగిరిపోయిందని దాని అర్థం. నీలావతి చూసి ఉంటే మెచ్చుకునేది.

"పాట పొంగుకొస్తాండాదా!" అన్నాడు ఓబులేసు, కళ్ళు పెద్దవి చేసి.

ఆదినారాయణ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. ఓబులేసు హనుమక్క వైపు తిరిగాడు. "ఏమక్కా, పలకడేమి?"

"సాయంత్రం దాకా ఒక్క మాట మాట్లాడకూడదంట. టీచరమ్మ చెప్పింది," అంది హనుమక్క. అందులో అక్షరం అబద్ధం లేదు.

"అట్ల చెప్పు! గొంతు దాచిపెట్టుకుంటాండాడు!" అని ఓబులేసు బస్సంతా వినపడేలా అరిచి, మిరియాలు వేసిన పాలు ఒక గ్లాసు తెచ్చి, ఆదినారాయణ చేత తాగించిగానీ వదల్లేదు.

పెనుకొండలో చాటింపు పని సుంకప్పది. బ్యాలే అని చాటమంటే, అదేమిటని ఆయన అడిగాడు. "అదే కథ, అదే రాజు" అన్నారెవరో తొందరలో. అదే కథ, అదే రాజు అయినప్పుడు ఊరికి తెలియని పేరు చెప్పి జనాన్ని బెదరగొట్టడం ఎందుకని, సుంకప్ప పాత మాటే, నాటకమనే చాటాడు. ఆదినారాయణ బస్సు దిగేసరికి, తోటి ప్రయాణికులు చెప్పింది విని, తప్పెట మీద ఇంకో దెబ్బ వేసి సొంతంగా ఒక వాక్యం కలిపాడు.

"రెండేండ్లు దాచిపెట్టిన గొంతు ఈ సాయంత్రం ఇప్పుతాడహో!"

ఆదినారాయణ పరుగున పోయి ఆయన తప్పెటను చేత్తో పట్టుకుని, తల అడ్డంగా ఊపాడు. "మెల్లగా కొడితే చాలదంట, ఇంకో రెండు ఊర్లు తిరగాల్నంట," అని సుంకప్ప పక్కవాడితో చెప్పి, సైకిలు అడిగి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇక మర్యాదలు మొదలయ్యాయి. ఒకరు తేనె, ఒకరు కలకండ, ఒకరు శొంఠి కాపీ. బాలమ్మ అనే ముసలవ్వ చెంబెడు పాలు కాచి తెచ్చింది. "తాగు నాయనా. నీ పద్యం ఇని కండ్లు మూసుకుంటే చాలు నాకు," అంది. ఆదినారాయణ వద్దని అరచేతులు చూపాడు. రెండు చేతులా అడుగుతున్నాడని ఇంకో చెంబు తెచ్చారు. అటుపైన ఒక పహిల్వాను వచ్చి కోడిగుడ్డు పగలగొట్టి నేరుగా నోట్లో పోశాడు. మధ్యాహ్నానికి ధీరసింహ మహారాజు పొట్ట కుండలా ఉబ్బి, లోపల ఏదో యుద్ధం జరుగుతున్నట్టు చప్పుడు చేయసాగింది.

హనుమక్క చెప్పేయవచ్చు. "ఈయనకు పాట రాదు, ఊరకే హైరానా పడొద్దండి" అని నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ రెండేళ్ళ తరువాత తన మొగుణ్ని జనం ఆ కళ్ళతో చూస్తుంటే, ఆ మాటను మింగేసింది. ఇంకొంచెం సేపు చూడనీలే అనుకుంది.

సాయంత్రం నీలావతి తెర సందులోంచి మైదానం చూసి గుండె పట్టుకుంది. బత్తలపల్లి నుంచి ఎద్దుల బండ్లు, రొళ్ల నుంచి లారీ, ధర్మవరం నుంచి మగ్గాలు ఆపేసి వచ్చిన నేతగాళ్ళు. ఆదినారాయణ కట్టడి మరిచి నోరు తెరిచాడు.

"టీచరమ్మా, మోసమైపోతాది. ఈళ్ళంతా పాట కోసం వచ్చినారు. నేను పోయి చెప్పేస్తా."

"చెప్పేయండన్నా," అంది నీలావతి. ఆమెకిది మొదటి ఆట.

ఆయన తెర ముందుకు వచ్చి చేతులు జోడించాడు. మైదానమంతా ఈలలు. "అయ్యలారా..." అని మొదలుపెట్టబోతే, ముందు వరసలో వాళ్ళంతా ఒక్కసారిగా లేచారు.

"మాట్లాడొద్దప్పా! గొంతు దాచుకో!"

"నా గొంతు..."

"చెప్తే ఇనవే! ఇప్పుడే ఖర్చు పెడితే పద్యాలకి ఏం మిగుల్తాది? పో, లోపలికి పో!"

పహిల్వాను స్టేజీ ఎక్కి, ఆయన్ను రెండు భుజాలూ పట్టుకుని గౌరవంగా తెర వెనక్కి చేర్చాడు. నిజం చెప్పాలని మూడు తాలూకాల జనం ముందుకు వచ్చిన మనిషికి అంత ప్రేమగా నోరు మూయించడం ఇంకెక్కడా జరిగి ఉండదు.

పొద్దు గుంకగానే గ్యాసు లైట్ల వెలుగులో ఆట మొదలైంది. జనం చాలా ఓపిగ్గా కూర్చున్నారు. మంత్రి చాడీలు చెప్పే రంగంలో పద్యం రాకపోతే, "దాచుకుంటాండాడు" అన్నారు. కొడుక్కు శిక్ష వేసే రంగంలోనూ రాకపోతే, "అంతా ఆఖరికే పెట్టుకున్నాడబ్బా" అని సర్ది చెప్పుకున్నారు. ఆదినారాయణ మాత్రం అదేమీ ఎరగడు. కొడుకు శవాన్ని చూసి ఆయన చేతులు ఏడ్చాయి, కళ్ళు ఏడ్చాయి. మోకాళ్ళ మీద నడిచి, విషం తాగి, కొడుకు పక్కన ఒరిగిపోయాడు. పొట్టలో అన్ని చెంబుల పాలున్నాయి కాబట్టి విషబాధ చాలా సహజంగా వచ్చింది.

మైదానంలోంచి ఒక గొంతు: "పద్యమేదప్పా?" ఆ వెనుక వంద గొంతులు: "వన్స్‌మోర్!"

"లేవొద్దన్నా! తెర పడతాది!" అని నీలావతి పక్కనుంచి గుసగుసలాడింది. కానీ ఇరవై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? వన్స్‌మోర్ అన్న మాట చెవిన పడగానే చచ్చిన రాజు లేచి కిరీటం సర్దుకున్నాడు. మళ్ళీ కొడుకు దగ్గర మోకరిల్లాడు. ఆ క్షణంలో పెదాలు కదిలాయి, నోరు తెరుచుకుంది, మొదటి పద్యం బయటికి రాబోయింది. "కన్నకొడుకా..." అన్నాడు.

రేకు డబ్బా బండల మీద కదిలింది. చివరి వరస దాకా అందరూ విన్నారు.

ఆదినారాయణ లేచి నిలబడ్డాడు. అయిపోయిందనుకున్నాడు. జనానికి దండం పెట్టి, గొంతు మీద చెయ్యి వేసుకుని, తల వంచుకున్నాడు. ఇప్పుడు మాత్రం ఆ సైగ అందరికీ అర్థమైంది. చచ్చిన కొడుకు వేషం వేసిన పిల్ల లేచి కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది.

ముందు వరసలో బాలమ్మవ్వ లేచింది. "అయ్యో నా తండ్రీ, గొంతే పోయుండాదా! ఆ మాట పొద్దున్నే చెప్పకూడదా? ఊరకే అన్ని పాలు తాగిస్తిమే!"

ఎవరూ నవ్వలేదు. అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఇరవై ఏండ్లు మాకు పాడి పాడి అరిగిపోయింది గొంతు. అయితే ఏం? పద్యం మాకు రాదా? నువ్వు ఆడు నాయనా, మేం పాడతాం," అని, పళ్ళు లేని నోటితో "కన్నకొడుకా" అని ఎత్తుకుంది.

శ్రుతి ఎటో పోయింది. నీలావతి ఒక్క క్షణం ఆలోచించింది. మరుక్షణం చెంపలు తుడుచుకుంటూ హార్మోనియం దగ్గరికి పరుగెత్తింది. "మల్లప్పన్నా, శ్రుతి ఇయ్యి! పాత శ్రుతే ఇయ్యి!"

మల్లప్ప ఆ మాట కోసమే కాచుకున్నట్టు పెట్టె తెరిచి పట్టాడు. రెండో పాదానికి వంద మంది కలిశారు. మూడో పాదానికి మైదానమంతా. ఆదినారాయణ ఒళ్ళు ఝల్లుమంది. తాను పోగొట్టుకున్నది వీళ్ళందరి దగ్గరా భద్రంగా ఉందన్న సంగతి ఆయనకు అప్పటిదాకా తెలియదు. ఏడుస్తూనే ఆడాడు. మొదటి పద్యం చేతుల్లో, రెండోది కళ్ళలో, మూడోది మోకాళ్ళ మీద. చచ్చాడు. వన్స్‌మోర్. లేచాడు. ఈసారి పాడేవాళ్ళకు అలుపు లేదు, అడిగేవాళ్ళూ వాళ్ళే. ఎన్నిసార్లు చచ్చాడో ఎవరూ లెక్కపెట్టలేదు.

తెర పడ్డాక ఆదినారాయణ నీలావతి ముందు చేతులు జోడించాడు. "నా తల్లీ, చచ్చినోణ్ని లేపితివి. బ్యాలేలో మాట వినపడకూడదంటివి, నీ ఆట చెడగొట్టినామా?"

"స్టేజీ మీద ఎవరూ పాడలేదు గదన్నా," అంది నీలావతి ముక్కు చీదుకుంటూ. "కింద పాడితే మనదేం తప్పు? ఇంక ఇదే మన బ్యాలే." హనుమక్క మొగుడి నెత్తి మీది కిరీటం తీసి, కొంగుతో తుడిచి, ఒళ్ళో పెట్టుకుంది.

ఇంతలో ధర్మవరం నేతగాళ్ళు ఇద్దరు వచ్చారు. వచ్చే నెల తమ ఊళ్ళో ఆట పెట్టాలని, పద్యాల సంగతి తామే చూసుకుంటామని ఒప్పించి, వెళ్ళేటప్పుడు ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పారు.

"రాజుగారిని రెండుసార్లకు మించి చావనీయొద్దమ్మా, ఈపొద్దు మాకు ఆఖరి బస్సు పోయింది."